ఏ డెస్క్‌టాప్ కావాలని ఎవరిని అడగాలె?

(నల్లగొండలో పాత కంప్యూటర్లకు లినక్స్ ఎక్కించే ఒకరోజు శిక్షణలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్తే. దేవరకొండ, మిర్యాలగూడ, హాలియా దిక్కు నుంచి సీపీయూ డబ్బాలు ఒళ్లో పెట్టుకొని బస్సులో వచ్చినోళ్లకు ఇంకోసారి నమస్తే. ఒకాయన చెప్తున్నడు, కండక్టర్ డబ్బాకు కూడా టికెట్ కొట్టిండట. ఏం ఫికర్ చెయ్యకు అన్నా, పొద్దూకి పోయేటప్పటికి అది నడుస్తుంటది, టికెట్ పైసలు గిట్టుబాటైతయి.

మీరంతా ఎందుకొచ్చినరో నాకు ఎరుకే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు అయిపోయింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం అనే భద్రత చిప్పు లేదంటది, ప్రాసెసర్ పాతదంటది. మంచిగ నడిచే మిషన్‌ను పాత సామాన్లోనికి ఎట్ల ఏస్తం? అందుకే విండోస్‌కు బదులు లినక్స్. తమాషా ఏందంటే ఇదే అక్టోబర్ 14న, 1996లో, మతియాస్ ఎట్రిష్ అనే జర్మనీ విద్యార్థి, లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ వాడే మామూలు మనుషుల కోసం ఒక డెస్క్‌టాప్, అంటే తెర మీద కనపడే ఏర్పాటు, తయారుచేద్దాం రమ్మని పిలుపిచ్చిండు. కేడీఈ పుట్టింది అట్లనే. ఏడాదికల్లా దానికి పోటీగా గ్నోమ్ అనే ఇంకోటి వచ్చింది. అప్పటిసంది ఇప్పటిదాకా ఒకటే పంచాయితీ: లినక్స్ డిస్ట్రో, అంటే లినక్స్‌ను ప్రోగ్రాంలతో కలిపి మూటగట్టి ఇచ్చేది, ఐదారు డెస్క్‌టాప్‌లు ముందర పెట్టి ఏరుకొమ్మనాలా, ఒక్కటే ఇచ్చి ఊకోవాలా?

కొత్తోళ్ల కోసం ఒక మాట. కింద మిషన్‌ను నడిపే కర్నెల్ ఒక్కటే. మీ కంటికి కనపడే బార్, మెనూ, ఫైళ్లు తెరిచే కిటికీ, సెట్టింగులు, ఇవన్నీ కలిపి డెస్క్‌టాప్. విండోస్‌లో ఇది కంపెనీ ఏది ఇస్తే అది. లినక్స్‌లో ఇంజిన్ అదే ఉంచి బాడీ మార్చుకోవచ్చు.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకుంట.

కొన్నేండ్ల కింద ఒక కాలేజీ ల్యాబ్‌లో ఇరవై మిషన్లకు డెబియన్ అనే డిస్ట్రో ఎక్కిస్తున్నం. ఇన్‌స్టాలర్‌లో ఆఖరికి ఒక తెర వస్తది. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, గ్నోమ్ ఫ్లాష్‌బ్యాక్, కేడీఈ ప్లాస్మా, సినమన్, మాటే, ఎల్‌ఎక్స్‌డీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ. ఎనిమిది పేర్లు, ఒక్కోదాని ముందర ఒక గడి. స్పేస్‌బార్ కొడితే గడిలో చుక్క పడ్తది, ఎంటర్ కొడితే తెర ముందుకు పోతది. డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె నాకు సాయం చేస్తున్నది. "సార్, ఇందుల ఏది పెట్టాలె?" అని అడిగింది. నేను ఇంకో మిషన్ కింద దూరి కేబుల్‌తో కుస్తీ పడుతున్న. "నీకేది నచ్చితే అది పెట్టమ్మా" అన్న. స్వేచ్ఛ ఇచ్చిన్నని లోపల మురిసిన కూడా.

"ఒక్కటి గూడ సూడకుంట నచ్చుడెట్ల సార్?" అన్నది.

బల్ల కింద ఉన్నోన్ని కాబట్టి నా మొహం ఆమెకు కనపడలే. ఇంకేం చేస్తది పాపం, ఎనిమిదింటికీ చుక్కలు పెట్టింది. నేను చూడలే. ఒక్క మిషన్‌కు కాదు, తన వంతుకు వచ్చిన ఆరింటికీ.

మర్నాడు మెనూ తెరిస్తే కమాండ్లు కొట్టే టెర్మినల్‌లే ఆరు. ఫైల్ మేనేజర్లు ఏడు: నాటిలస్, థూనార్, డాల్ఫిన్, నీమో, కాజా, పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం, దాని క్యూటీ చెల్లెలు ఇంకోటి. ఏడూ చేసే పని ఒక్కటే, ఫోల్డర్ తెరుచుడు. దానికి తోడు ల్యాబ్‌లో అందరికీ ఒకటే యూజర్ పేరు పెట్టినం. లాగిన్ దగ్గర డెస్క్‌టాప్ మార్చుకునే గేరు చక్రం గుర్తును ఒక పిల్లగాడు కెలికి ఎల్‌ఎక్స్‌డీఈ పెట్టుకున్నడు. మిషన్ దాన్ని గుర్తుపెట్టుకుంది. తర్వాత గంటలో కూర్చున్న పిల్ల తెర చూసి బెదిరింది. "సార్, మిషన్‌కు వైరస్ వచ్చింది." అటెండర్ ఉరికొచ్చి ప్లగ్గు పీకిండు.

ఆ రోజు నుంచి నా బుర్రలో తిరుగుతున్న సంగతే ఇయ్యాల మీ ముందర పెడుతున్న. డెస్క్‌టాప్‌లు ఎనిమిది ఉండుడు తప్పు కాదు. ఏదీ చూడని మనిషిని, ఏదీ చూడకముందే, ఏది కావాలని అడుగుడు తప్పు. ఆ ప్రశ్నకు జవాబు డిస్ట్రో చేసేటోళ్ల దగ్గర ఉండాలె. అది వాళ్ల పని. వాళ్ల పనిని ఆ అమ్మాయి మీదికి నెట్టి దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టినం. నేను కూడా బల్ల కిందికెళ్లి అదే చేసిన.

అట్లని మిగతావి తీసి పారెయ్యాలె అనేటోళ్లతో కూడా నాకు పొసగదు. అసలు ఇన్నెందుకు వచ్చినయో చూస్తే తెలుస్తది. రంగులు, రుచులు వేరై వచ్చినయి అనుకుంటరు చానామంది. మొదటి చీలిక లైసెన్స్ తగాదా. కేడీఈ కట్టింది క్యూటీ అనే పునాది మీద, ఆ రోజుల్లో క్యూటీ లైసెన్స్, ఎవరైనా మార్చుకొని పంచుకునే పూర్తి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లెక్కలోకి రాదు. అది పనికిరాదని 1997 ఆగస్టులో మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్ మొదలుపెట్టినరు. బొమ్మలు దిద్దే గింప్ కోసం తయారైన జీటీకేను పునాది చేసుకున్నరు. 2000లో క్యూటీ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కిందికి వచ్చింది, తగాదా తీరింది. ఇండ్లు మాత్రం రెండైనయి. అన్నదమ్ములు వేరుపడ్డంక మల్ల ఒక పొయ్యి మీద వండుకునుడు మన ఊర్లల్ల ఎక్కడన్న చూసినరా?

2011లో గ్నోమ్ 3 వచ్చింది. పాత మెనూ పోయింది, కింది బార్ పోయింది. తిట్టుకున్నోళ్లు తిట్టుకున్నరు గానీ కొందరు తిట్టుడు ఆపి పని మొదలుపెట్టినరు. గ్నోమ్ 2 కోడ్‌నే పట్టుకొని అర్జెంటీనా ఆయన ఒకరు మాటే మొదలుపెట్టిండు. మాటే అంటే వాళ్ల దిక్కు చాయ్ లెక్క తాగే ఆకు కషాయం, మన "మాట"కు సంబంధం లేదు. లినక్స్ మింట్ అనే డిస్ట్రో వాళ్లు సినమన్ చేసుకున్నరు. అదే ఏడు ఉబుంటు అనే ఇంకో డిస్ట్రో తన 11.04 విడుదలతో యూనిటీ అనే సొంత డెస్క్‌టాప్ తెచ్చింది, 2017లో అది వద్దని చెప్పి 17.10లో గ్నోమ్‌కు తిరిగొచ్చింది. ఉబుంటు ఏది ఇస్తే అది వాడినోడు ఆరేండ్లల్ల రెండుసార్లు కొత్తగ నేర్చుకున్నడు. నాకు తెలిసిన జిరాక్స్ షాపు ఆయన ఒకరు మొదటి నుంచి ఎక్స్‌ఎఫ్‌సీఈ మీద ఉన్నడు. ఈ గోలంతా జరిగిందని ఆయనకు ఇప్పటికీ తెల్వదు. ప్రింట్ బటన్ ఎక్కడుండేనో అక్కడే ఉంది. నాకు ఎంపిక కావాల్సింది ఇందుకు. తయారుచేసేటోళ్లకు మనసు మారిన రోజు మనం పోయి తలదాచుకోను ఇంకో ఇల్లు ఉండాలె.

కానీ ఆ ఇంటికి తలుపులు, కిటికీలు ఉన్నయా లేవా అని చూసేదెవరు? ఇక్కడ నాకు కోపమొస్తది.

రెండు జీబీ ర్యామ్ ఉన్న మిషన్ ఒకటి మా దగ్గరికి వచ్చింది. గ్నోమ్ పెడితే ఈడ్చుకుంటున్నదని ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టిచ్చినం. మంచిగ ఉరుకుతున్నదని సంబురపడ్డడు తీసుకపోయినాయన. రెండు రోజులకు ఫోన్. మండలాఫీసులో ఇచ్చే దరఖాస్తు తెలుగులో కొట్టాలె, తెలుగు వస్తలేదు. గ్నోమ్‌లో అయితే ఐబస్ అనే టైపింగ్ ఏర్పాటు లోపల్నే కలిసుంటది. సెట్టింగుల్లో కీబోర్డ్ కాడికి పోయి తెలుగు జోడిస్తే అయిపోతది. మేం పెట్టిన ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఐబస్‌ను వేరేగ ఎక్కించాలె, లాగిన్ అయినప్పుడల్లా అది మొదలయ్యేటట్టు చెప్పాలె. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు అక్షరాల కీబోర్డ్ పద్ధతి వచ్చినోళ్లకు బాధ లేదు, ఆ లేఅవుట్ సిస్టమ్‌లోనే ఉంటది, ఏ డెస్క్‌టాప్‌లోనైనా వస్తది. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రప్పించుకునేటోళ్లకే తిప్పలు. ఆయన రెండో రకం. ఫోన్‌లో గంటసేపు కమాండ్లు చదివి చెప్పిన. "ఇబస్ కాదన్నా, ఐ, బీ, యూ, ఎస్." దరఖాస్తు ఆ రోజు చేతిరాతతోనే పోయింది.

ఎక్స్‌ఎఫ్‌సీఈ చెడ్డదని అంటలేను, నా సొంత మిషన్‌లో అదే ఉంది. జాబితాలో పేరు పెట్టినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు అంటున్న. ప్యాకేజీ ఉండుడు వేరు, ఇది మా డెస్క్‌టాప్ అని చెప్పుకునుడు వేరు. చెప్పుకున్నంక ప్రొజెక్టర్ తగిలిస్తే బొమ్మ పడ్తదా, మూత మూసి తెరిస్తే లేస్తదా, ప్రింటర్ దొరుకుతదా, తెలుగు వస్తదా, చూపు లేనోళ్లకు తెర చదివి వినిపించే ఓర్కా పలుకుతదా, ఇవన్నీ ప్రతి విడుదలకూ ప్రతి డెస్క్‌టాప్‌లో చూడాలె. ఎనిమిది అంటే ఎనిమిదింతలు. మనుషులు మాత్రం అంతే ఉంటరు. లినక్స్ మింట్ వాళ్లు 18.3 విడుదల తర్వాత కేడీఈ ఎడిషన్ ఆపేసినప్పుడు మస్తుమంది బాధపడ్డరు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. కావాల్సినోళ్లు కేడీఈ ఎక్కించుకోవచ్చు, కానీ దాని మీద తమ ముద్ర వెయ్యలేమని ఒప్పుకున్నరు.

తెలుగు దిక్కు నుంచి చూస్తే ఇంకో లెక్క ఉంది. మెనూల్లో ఉండే మాటలన్నీ ఏ డెస్క్‌టాప్‌కు ఆ డెస్క్‌టాప్ వేరే ఫైళ్లల్ల తెలుగు చెయ్యాలె. ఒక దాంట్ల "సేవ్"కు ఏ మాట పెట్టినరో ఇంకోదాంట్ల అదే ఉంటదన్న గ్యారంటీ లేదు. తెలుగు చేసేటోళ్లు ఎక్కడైనా పిడికెడు మందే. ఆ పిడికెడును ఎనిమిది దిక్కులకు జల్లితే ఏదీ మొలవదు.

పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి పోయే ఉంటరు అందరు. త్రికూటం అది. గర్భగుళ్లు మూడు, నడుమ మండపం ఒక్కటే. పొద్దంతా లింగం వెనక నిలబడే నీడను చూస్తందుకు అందరం ఆ గర్భగుడి దిక్కే ఉరుకుతం. ఆ నీడ మండపం స్తంభాలది. డెస్క్‌టాప్‌ల సంగతి కూడా నాకు అట్లనే కనపడ్తది. ఒకప్పుడు గ్నోమ్ దిక్కు ప్యాంగో అనే భాగంలో తెలుగు అక్షరాలు పేర్చే కోడ్ వేరే, కేడీఈ దిక్కు క్యూటీలో వేరే. ఒక దాంట్ల ఒత్తు సక్కగ కూర్చుంటే ఇంకోదాంట్ల పక్కకు జారేది. తప్పు రెండు కాడ దిద్దాలె. తర్వాత హార్ఫ్‌బజ్ వచ్చింది. ఉర్దూ వచ్చినోళ్లకు హర్ఫ్ అంటే అక్షరమని తెలుసు, పేరు పారశీకం నుంచి వచ్చిందే, చేసినాయన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టినాయన. ఇయ్యాల గ్నోమ్, క్యూటీ, లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్, అన్నిట్లో మన ఒత్తును పేర్చేది అదే. ఒక్క కాడ దిద్దితే అన్ని కాడ దిద్దుకుంటది. మండపం గట్టిగ ఉంటే గుళ్లు మూడైనా ముప్పైయైనా నాకు అభ్యంతరం లేదు. టైపింగ్ సంగతిలో ఆ మండపం ఇంకా పూర్తి కాలే, అంతే.

ఇగ ఒక్కటే ముందర పెట్టాలంటే ఏది పెట్టాలె? అందానికి, వేగానికి కొట్టుకుంటరు. డెబియన్‌లో ఒకప్పుడు గ్నోమ్ తీసి ఎక్స్‌ఎఫ్‌సీఈని ముందర పెట్టి చూసినరు, 2014లో మల్ల గ్నోమ్‌కే వచ్చినరు. అప్పుడు చూపిన కారణాల్లో ఒకటి, చూపు లేనోళ్లకు, చేతులు సరిగ్గ ఆడనోళ్లకు గ్నోమ్‌లో ఏర్పాట్లు ముందున్నయని. నాకు ఆ తూకం నచ్చింది. మెనూ నచ్చనోడు రెండు కమాండ్లతో మార్చుకుంటడు. తెర చదివి వినిపించకపోతే మార్చుకునే కాడికే పోలేని మనిషి ఉంటడు. ముందు ఆ మనిషి కోసం పెట్టాలె. రెండోదాన్ని పక్కన నిలబెట్టాలంటే ఫెడోరా అనే డిస్ట్రో చేసినట్టు చెయ్యాలె. కేడీఈ అక్కడ ఎన్నో ఏండ్లు స్పిన్ పేరుతో ఓ పక్కకు ఉండె. 2025 ఏప్రిల్‌లో ఫెడోరా 42తో దానికి గ్నోమ్ ఉండే వర్క్‌స్టేషన్‌తో సమానంగ ఎడిషన్ హోదా ఇచ్చినరు. అన్నేండ్లు పనిచేసి చూపినంక వచ్చిన హోదా అది.

అందుకే ఇయ్యాల మీ మిషన్లకు ఎక్కించేటప్పుడు ఆ ఎనిమిది పేర్ల తెర కాడ మేం మిమ్మల్ని ఏమీ అడగం. నాలుగు జీబీ, అంతకు పైన ఉంటే గ్నోమ్. తక్కువుంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఐబస్ మేమే కుదిర్చి ఇస్తం. నెల రోజులు వాడినంక నచ్చకపోతే రండి, అప్పుడు అడుగుతం, అప్పుడు మీ దగ్గర జవాబు ఉంటది.

చాయ్ వచ్చినట్టుంది. తాగినంక ఆ కిటికీ పక్క బల్ల కాడికి రండి. నాలుగు మిషన్లు పెట్టినం, నాలుగిట్ల నాలుగు డెస్క్‌టాప్‌లు. ఒక్కోదాని కాడ కూర్చొని మీ ఊరి పేరు తెలుగులో కొట్టండి. గుర్రంపోడు, మర్రిగూడ, త్రిపురారం వాళ్లకు ఒత్తుల పరీక్ష. నార్కట్‌పల్లి వాళ్లు మాత్రం జాగ్రత్త. "ట్" తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం కొట్టకపోతే మీ ఊరు "నార్కట్పల్లి" అయితది, ఆ అక్షరాన్ని ఏ కీబోర్డ్‌లో ఏ కీ కింద దాచినరో మీరే ఎతకాలె. పక్కన నోట్‌బుక్ ఉంది. ఏ మిషన్‌లో ఏ ఊరు ఇరిగిందో రాసిపెట్టండి. రాత్రికి కూర్చొని అవన్నీ బగ్‌లుగా, అంటే దిద్దాల్సిన తప్పులుగా, తయారుచేసేటోళ్లకు పంపుత.