బకింగ్‌హామ్ కాలువ గట్టు మీద ఫోన్ కెమెరాతో

హోస్ట్: నమస్కారం. ఈ రోజు చెన్నై మైలాపూర్‌లో ఉండే ఒక అక్క మనతో ఉన్నారు. బ్యాంకులో ఉద్యోగం. తీరిక దొరికితే చాలు, ఫోన్ పట్టుకుని బకింగ్‌హామ్ కాలువ గట్టు మీద ఉంటారు. అక్కా, సూటిగా అడిగేస్తాను. పక్కనే మెరీనా ఉంది, కపాలీశ్వరుడి గోపురం ఉంది. వాటిని వదిలేసి, ముక్కు మూసుకుని నడవాల్సిన ఆ కాలువ ఎందుకు?

అక్క: గోపురాన్ని రోజూ ఎంతమంది తీస్తున్నారో చూస్తూనే ఉన్నావు కదా నాయనా. కాలువ దగ్గర ఆగేవాళ్ళే లేరు. పైగా అది మన కాలువ. కాకినాడ దగ్గర మొదలై, మా నెల్లూరు జిల్లా మీదుగా, మద్రాసు నడిబొడ్డు నుంచి మరక్కాణం దాకా పోతుంది. ఒకప్పుడు మా వైపు నుంచి బియ్యం, కట్టెలు పడవల్లో దీని మీదే వచ్చేవి. ఊళ్ళో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్కని ధాత కరువులో, 1877-78లో, తిండికి అల్లాడుతున్న జనం చేత తవ్వించారు. అంత కష్టం మీద పుట్టిన కాలువలో ఇప్పుడు రైలు స్తంభాలు నిలబడి ఉన్నాయి.

హోస్ట్: ఎంఆర్‌టీఎస్ స్తంభాలు, అంటే ఊళ్ళో స్తంభాల మీద నడిచే లోకల్ రైలువి.

అక్క: అవును. 1995లో బీచ్ నుంచి చేపాక్ దాకా మొదలైంది, 2007కి వేలచేరి చేరింది. ఊరి మధ్య వేరే స్థలం ఎక్కడ దొరుకుతుంది, కాలువ వెంబడే కట్టుకుంటూ పోయారు. ఈ సంగతి నోటితో చెబితే ఎవరికీ పట్టదు. ఫోటో చూపిస్తే మాత్రం ఆగుతారు.

హోస్ట్: మీ ఫోటోల్లో ఒక స్తంభం మాటిమాటికీ వస్తుంది.

అక్క: తిరుమయిలై స్టేషన్ దగ్గరది. దాని మీద నీటి గీతలు చూడు. అడుగున నల్లటి జిడ్డు, దాని పైన పాచి ఎండిపోయిన పచ్చటి పట్టీ, ఇంకా పైన మట్టిరంగు గీత. ఆ మట్టి గీత 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకి పడింది. దాని పక్కన మే నెల ఫోటో పెట్టు, నీళ్ళు ఎంత లేచాయో నీకే తెలుస్తుంది. అసలు సంగతి స్తంభం వెనకాల ఉంది. గట్టు మీద ఒక ఇంటి గుమ్మం కనిపిస్తుందా? పాత ఫోటోల్లో దానికి రెండు మెట్లు. తుఫాను తర్వాత తీసినవాటిలో నాలుగు. వరద లోపలికి రాకుండా ఆ ఇంటావిడ గుమ్మం ఎత్తించుకుంది. ఊరు మారడం అంటే నా లెక్కలో ఇదీ. ఫ్లైఓవర్ కడితే పేపర్లో వస్తుంది, ఆవిడ మెట్ల గురించి ఎవరు రాస్తారు?

హోస్ట్: మరి ప్రతిసారీ అదే చోటు, అదే కోణం ఎలా కుదురుతుంది?

అక్క: వంతెన పిట్టగోడ మీద మోచేతులు ఆనిస్తాను, అప్పుడు ఎత్తు మారదు. జూమ్ ముట్టుకోను. ఫోన్‌లో గ్రిడ్ పెట్టుకుని స్టేషన్ కప్పు అంచుని పై గీతకి కలుపుతాను. పాత ఫోటో ప్రింట్ ఒకటి పర్సులో ఉంటే సరిచూసుకోవచ్చు. టైమ్ కూడా చూసుకోవాలి, ఇక్కడ పొద్దున ఎండ సముద్రం వైపు నుంచి వస్తుంది. ఇంకోటి, వాట్సాప్‌లో పంపిన కాపీనే దాచుకుంటే ఎప్పుడు, ఎక్కడ తీశామన్న వివరాలు పోతాయి. ఒరిజినల్ ఫైలే దాచాలి.

హోస్ట్: నాకో టెన్షన్ ఉంది అక్కా. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తెస్తే లెన్స్ మీద ఆవిరి కమ్మేస్తుంది.

అక్క: చెన్నై ఉక్క కదా. సంచిలోంచి తీయకుండా అరగంట బయట ఉంచు, వెచ్చబడ్డాక తియ్యి. ఊరికే తుడిస్తే మళ్ళీ పడుతుంది.

హోస్ట్: మనుషుల్ని తీసేటప్పుడు? అడిగితే బిగుసుకుపోతారు, అడక్కపోతే తప్పు.

అక్క: అడగాల్సిందే, అందులో రెండో మాట లేదు. మైలాపూర్‌లోనే లజ్ దగ్గర ఇస్త్రీ బండి ఆయన్ని అడిగాను. చొక్కా సర్దుకుని నిలబడ్డాడు, ఒకటి తీశాను. తర్వాత ఆయన మళ్ళీ పనిలో పడి, పెట్టెలో బొగ్గులు ఎగదోస్తున్నప్పుడు ఇంకోటి తీశాను. రెండూ ప్రింట్ వేయించి ఇచ్చాను. ఆయన బండికి అతికించుకున్నది మాత్రం మొదటిదే! అది ఆయన ఇష్టం, నాకు సంతోషమే.

హోస్ట్: మద్రాసులో ఈ సరదా చాలా పాతదట కదా?

అక్క: ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ మద్రాస్ 1857 నాటిది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో వాల్టర్ ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి ఒకరు. అమరావతి స్తూపం దగ్గర తవ్వించి, ఆ శిల్పాలని మద్రాసు తెప్పించింది ఆయనే. 1858లో లినియస్ ట్రైప్ అనే ఆయన ఇక్కడి మ్యూజియంలో వాటిని ఫోటోలు తీశాడు. మరుసటి ఏడే చాలా రాళ్ళు లండన్ ఓడెక్కాయి. మన కృష్ణా తీరం శిల్పాలు ఓడెక్కక ముందు ఎలా ఉన్నాయో ఆ ఫోటోల్లో చూడొచ్చు. ఎగ్మూర్ మ్యూజియంలో ఇప్పటికీ అమరావతి గ్యాలరీ ఉంది. చెన్నైలో ఉంటూ అది చూడని తెలుగువాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

హోస్ట్: ఈ వారమే వెళ్తాను. కాలువ వెంట ఊరు దాటి వెళ్ళాలంటే?

అక్క: సెంట్రల్ నుంచి సూళ్లూరుపేట లోకల్ ఎక్కు. అక్కడ దిగి శ్రీహరికోట రోడ్డు పట్టుకుంటే రెండు వైపులా పులికాట్ సరస్సే. చలికాలం అయితే ఫ్లెమింగోలు ఉంటాయి. అందరూ పక్షుల్నే తీస్తారు, తియ్యనీ. నువ్వు మాత్రం వెనక్కి తిరిగి వలలు బాగుచేసుకునేవాళ్ళని, పడవల్ని కూడా తియ్యి. మళ్ళీ ఏడాది అదే నెలలో వెళ్ళు.

హోస్ట్: వినేవాళ్ళలో ఎవరైనా మీతో రావాలంటే?

అక్క: ఆదివారం పొద్దున ఆరున్నరకి తిరుమయిలై స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను. లజ్ వైపు మెట్రో పనులకి రేకులు కట్టారు, బండి పెట్టడానికి చోటు దొరకదు, ట్రైన్‌లోనే రండి. వాన పడితే మానేయొద్దు, గొడుగు తెచ్చుకోండి. వానలోనే కదా ఆ నీటి గీత కదిలేది.