టొయామా: బుల్లెట్ ట్రైన్ కింద ట్రామ్ ఆగే ఊరు

[దృశ్యం: స్టేషన్ లోపల, గేటు దాటి వస్తున్న ప్రయాణికులు]

టోక్యోలో షింకాన్‌సెన్, అంటే బుల్లెట్ ట్రైన్ ఎక్కితే, వేగంగా వెళ్లే సర్వీసైతే రెండు గంటల పది నిమిషాల్లో టొయామాలో దిగుతాం. కిందికి దిగి, గేటు దాటి నాలుగడుగులు వేస్తే చాలు, స్టేషన్ కప్పు కిందే ట్రామ్ ఆగి ఉంటుంది. వాన పడుతున్నా, మంచు కురుస్తున్నా గొడుగు తియ్యక్కర్లేదు. ఆ నాలుగడుగుల వెనక పెద్ద కథే ఉంది.

[దృశ్యం: మ్యాప్]

జపాన్ సముద్రం వైపు తీరంలో, సుమారు 4 లక్షల మంది ఉండే ఊరిది. ఉత్తరాన సముద్రం, ఆగ్నేయాన 3,000 మీటర్లు దాటిన తతెయామా కొండలు. పాతకాలం నుంచీ మందుల వ్యాపారానికి పేరు. ఇక్కడి వ్యాపారులు మందుల పెట్టె మన ఇంట్లో పెట్టి వెళ్లిపోతారు. మళ్లీ వచ్చినప్పుడు వాడినంతకే డబ్బు తీసుకుంటారు. నమ్మకం మీద నడిచే బేరమన్నమాట!

[దృశ్యం: పాత ఫొటోలు, వెడల్పాటి రోడ్లు]

1945 ఆగస్టు బాంబు దాడిలో నగరం దాదాపు మొత్తం కాలిపోయింది. తర్వాత వెడల్పాటి రోడ్లు వేశారు. కార్లు పెరిగాయి, ఇళ్లు శివార్లకు పాకాయి. కారు నడపలేని పెద్దవాళ్లు ఇంట్లోనే చిక్కుబడ్డారు. అంత దూరం పరుచుకున్న ఊళ్లో రోడ్ల మీద మంచు తియ్యడమూ ఖర్చే.

2002లో మేయరైన మోరి మసాషి దీనికి పరిష్కారాన్ని ఒక జపాన్ మిఠాయితో పోల్చి చెప్పారు. పుల్లకు గుచ్చిన దంగో ఉండల్లా, ట్రామ్, రైలు మార్గాలు పుల్ల అయితే స్టాపుల చుట్టూ ఉండే పేటలే ఉండలు. 2006లో, జనం తగ్గిపోయిన పాత రేవు రైలు మార్గాన్ని ట్రామ్‌గా మార్చారు. అరగంటకో గంటకో ఒకటి వచ్చే బండి పావుగంటకొకటి రావడం మొదలైంది. జనం మళ్లీ ఎక్కారు. నా లెక్కలో అసలు కిటుకు రంగురంగుల బండి కాదు, ఆ పావుగంటే.

2009లో ఊరి నడుమ చుట్టూ తిరిగే లైను వచ్చింది. ఇక మిగిలింది స్టేషనే. నేల మీది పట్టాలు ఊరిని ఉత్తరం, దక్షిణం అని రెండుగా చీల్చాయి. 2015లో షింకాన్‌సెన్ స్తంభాల మీదే వచ్చింది, తర్వాత మామూలు రైలు పట్టాలనూ పైకెత్తారు. కింద ఖాళీ అయిన చోట 2020 మార్చిలో రెండు వైపుల ట్రామ్ లైన్లనూ కలిపేశారు.

[దృశ్యం: కొండదారి, మంచు గోడలు]

ఒసాకా నుంచి వచ్చేవాళ్లు 2024 మార్చి నుంచి త్సురుగాలో బండి మారాలి. నగోయా నుంచి తకయామా మీదుగా వచ్చే హిదా ఎక్స్‌ప్రెస్ నిదానం, కానీ కిటికీ సీటు దొరికితే అదే మేలు. విమానాశ్రయమైతే ఏకంగా నది ఒడ్డున, వరదగట్టు లోపల కట్టారు!

కొండలకు స్టేషన్ పక్కనే లోకల్ రైలు ఎక్కాలి. తర్వాత కేబుల్ కారు, ఆపైన బస్సు, 2,450 మీటర్ల ఎత్తున మురోదో అనే చోటు. ఏప్రిల్‌లో దారి తెరిచినప్పుడు బస్సుకు రెండు పక్కలా బస్సును మించిన మంచు గోడలు. చలికాలంలో ఈ దారి మూసేస్తారు. అప్పుడొస్తే అదే ట్రామ్‌లో ఉత్తరానికి, ఇవాసే రేవుకి వెళ్లండి. ఓడ వ్యాపారుల పాత చెక్క ఇళ్లు వరసగా ఉంటాయి.