మినిట్స్ దిద్దుబాటు: తగాదా ఎక్కడ పుడుతుంది, ఎలా తీర్చుకోవాలి

(తిరుపతిలో కాలనీ సంక్షేమ సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాల బాధ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ప్రెసిడెంట్లు, సెక్రటరీలు, ట్రెజరర్లు ఉన్నారు. బైరాగిపట్టెడ, కొర్లగుంట నుంచే కాకుండా అటు చంద్రగిరి, ఇటు రేణిగుంట నుంచి కూడా వచ్చారు. మీలో చాలామంది సంఘాలు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవే. ఎవరి బైలాస్ (సంఘం సొంత నియమావళి) వాళ్లవి. కానీ కమిటీ కూర్చోగానే మొదలయ్యే తగాదా మాత్రం అందరిదీ ఒకటే: "పోయిన మీటింగులో మేం ఒప్పుకున్నది ఇది కాదు, మీరు రాసుకున్నది వేరే."

ఈరోజు నేను చెప్పేదంతా ఒక్క విషయం మీద నిలబడుతుంది. మినిట్స్ అంటే మీటింగులో జరిగినదాని రాత. వాటిని సవరించడమంటే ఆ రోజు జరిగినదానికి తగ్గట్టు రాతను సరిచెయ్యడం. జరిగినదాన్ని మార్చడం కాదు. ఈ రెండూ కలిసిపోయిన చోటే గొడవ ముదురుతుంది.

వాచ్‌మన్ జీతం తీసుకుందాం. నెలకు 9,000 నుంచి 11,000కు పెంచాలని కమిటీ ఓటేసి తీర్మానించింది. సెక్రటరీ 11,000 అనే రాశారు. వచ్చే మీటింగు నాటికి ఖర్చు లెక్క చూసుకుని, నలుగురు సభ్యులు "10,000 అని దిద్దండి" అంటారు. దిద్దకూడదు. కమిటీలో ప్రతి ఒక్కరూ ఒప్పుకున్నా సరే, దిద్దకూడదు. ఎందుకంటే ఆ రోజు తీర్మానించింది 11,000. మనసు మారితే ఎజెండాలో కొత్త అంశం పెట్టి, నోటీసు ఇచ్చి, ఫలానా తేదీ నుంచి 10,000 అని కొత్త తీర్మానం చెయ్యాలి. పాత పేజీని దిద్దేస్తే ఈ మధ్యలో ఆయనకు ఇచ్చిన 11,000 తీర్మానం లేకుండా ఇచ్చిన డబ్బవుతుంది. ఆడిట్‌లో ట్రెజరర్ జవాబు చెప్పుకోవాలి.

అదే సెక్రటరీ పొరపాటున 10,000 అని రాసి ఉంటే, అది నిజమైన సవరణ. అందరికీ ఆ 10,000 ఇప్పుడు నచ్చినా సరే, దాన్ని 11,000 అని దిద్దాల్సిందే.

కాబట్టి "మినిట్స్ తప్పు" అని ఎవరైనా లేచినప్పుడు అధ్యక్షుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: "రాసింది జరగలేదంటారా, జరిగింది నచ్చలేదంటారా?" ఇది నెమ్మదిగా, మర్యాదగా అడగండి. సగం మంది అక్కడే ఆలోచనలో పడతారు.

ఈ తగాదాలకు ఇంకో పెద్ద మూలం ఉంది. మన సంఘాల్లో బాగా పాతుకుపోయిన అలవాటు అది. మీటింగు మొదలవగానే పుస్తకం తిప్పుతారు. పేజీ పైన తేదీ, సమయం, స్థలం రాసి ఉంటాయి. కింద అందరూ సంతకాలు పెడతారు. టీ తాగి వెళ్లిపోతారు. రెండు మూడు రోజుల తర్వాత సెక్రటరీ తీరిక చూసుకుని ఆ సంతకాల కిందో పైనో తీర్మానాలు రాస్తారు. చదివేవాళ్లకు అదంతా ఒకే కాగితం. హాజరు కోసం పెట్టిన సంతకం ఒప్పుకోలు సంతకంగా కనబడుతుంది. "నీ సంతకం ఉంది కదయ్యా" అని ఒకరు, "నేను పెట్టింది హాజరుకు" అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. తప్పు పేజీ కట్టిన తీరులో ఉంది.

దీనికి చెయ్యాల్సింది చాలా సులువు. "హాజరైనవారి సంతకాలు" అని శీర్షిక పెట్టి, ఆ జాబితా అయిపోగానే పేజీకి ఈ చివర నుంచి ఆ చివరకు గీత కొట్టండి. ఆలస్యంగా వచ్చినవాళ్లు, మధ్యలో లేచివెళ్లినవాళ్లు ఉంటే వాళ్ల పేరు పక్కన సమయం రాయండి. ఏ అంశం దగ్గర కోరం (మీటింగు చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) ఉందో, లేదో తేల్చేది ఆ సమయమే. తీర్మానాలు ఆ గీత కింద మొదలవ్వాలి. ఖాళీ పేజీల మీద ముందుగానే సంతకాలు తీసుకునే పని మాత్రం ఎంత నమ్మకస్తులైనా చెయ్యొద్దు, చెయ్యనివ్వొద్దు.

ఇక డబ్బు తీర్మానాలు. సవరణ తగాదాల్లో గట్టివన్నీ ఇక్కడివే. వేసవిలో బోరు మోటారు కాలిపోయింది, ట్యాంకర్లతో నెట్టుకొస్తున్నారు, కమిటీ అత్యవసరంగా కూర్చుంది అనుకుందాం. మినిట్స్‌లో ఇలా రాశారు: "కొత్త మోటారు రూ.85,000కు కొనాలని తీర్మానించడమైనది." బిల్లు 1,00,300కు వచ్చింది. 85,000 మీద 18 శాతం జీఎస్టీ 15,300. పన్నుతో కలిపి 85,000 అన్నామని కొందరు, పన్ను కాకుండా అన్నామని కొందరు. పాత మోటారు ఎక్స్ఛేంజి మాట ఏమైందని ఇంకొకరు. బిగించే కూలి ఎవరిదని మరొకరు. ఆ రోజు టేబుల్ మీదున్న కొటేషన్ చూస్తే చాలావరకు తేలిపోతుంది. అందుకే కొటేషన్ తేదీ, నంబరు తీర్మానంలోనే ఉండాలి. ఇలా రాసుంటే తగాదాకు చోటే లేదు:

"ఫలానా తేదీ నాటి కొటేషన్ ప్రకారం 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు, జీఎస్టీతో సహా, బిగింపు కూలితో సహా, రూ.1,05,000 (ఒక లక్షా అయిదు వేల రూపాయలు) మించకుండా కార్పస్ ఫండ్ నుంచి కొనుటకు తీర్మానించడమైనది. కొనుగోలు బాధ్యత: ట్రెజరర్. ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, అనుకూలం, వ్యతిరేకం, తటస్థం."

అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. "సుమారు" అనే మాట డబ్బు తీర్మానంలో ఎప్పుడూ వద్దు. ఓటు అడిగే ముందు సెక్రటరీ ఈ వాక్యాన్ని పైకి చదవాలి. సభ్యులు ఓటేసేది చర్చకు కాదు, ఆ వాక్యానికి. సెక్రటరీ రాయలేకపోతుంటే అధ్యక్షుడు రెండు నిమిషాలు ఆపాలి. ఆ రెండు నిమిషాలు వచ్చే మీటింగులో అరగంటను మిగులుస్తాయి.

పద్ధతి విషయానికొద్దాం. ముందు మీ బైలాస్ చూడండి. అందులో ఏముంటే అదే. బైలాస్‌లో ఏమీ లేకపోతే కంపెనీలు పాటించే పద్ధతి మంచి నమూనా. మీకు అది చట్టరీత్యా వర్తించదు, కానీ బాగా ఆలోచించి పెట్టినది. 2013 కంపెనీల చట్టం 118వ సెక్షన్ ప్రకారం మీటింగు ముగిసిన 30 రోజుల్లో మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. బోర్డు మీటింగులకు కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ప్రమాణంలో 15 రోజుల్లో డ్రాఫ్ట్ అందరికీ పంపాలి, అందుకున్నవాళ్లు 7 రోజుల్లో తమ అభ్యంతరాలు రాతపూర్వకంగా చెప్పాలి. గడువులో చెప్పకపోతే డ్రాఫ్ట్ ఒప్పుకున్నట్టే లెక్క. అపార్ట్‌మెంట్ కమిటీకి ఇంకా తక్కువ గడువు చాలు: 5 రోజుల్లో డ్రాఫ్ట్, 5 రోజుల్లో అభ్యంతరాలు. జ్ఞాపకం చెరిగిపోకముందే పని కావాలి.

అభ్యంతరం ఎలా రాయాలో కూడా చెప్పుకోవాలి. వాట్సాప్ గ్రూపులో "మినిట్స్ అన్యాయంగా ఉన్నాయి" అని పెడితే సెక్రటరీ ఏం చెయ్యగలరు? అంశం నంబరు, ఇప్పుడున్న మాటలు, వాటి స్థానంలో ఉండాల్సిన మాటలు, దానికి ఆధారం – ఈ నాలుగూ ఉంటేనే అది సవరణ ప్రతిపాదన. "4వ అంశంలో 'జీఎస్టీ అదనం' అని ఉన్న చోట 'జీఎస్టీతో సహా' అని ఉండాలి, ఆధారం, ఆ రోజు పరిశీలించిన కొటేషన్." ఇలా రాసి పంపమని అడిగితే కోపంతో లేచినవాళ్లు కూడా విషయానికొస్తారు.

తర్వాతి మీటింగులో మొదటి అంశంగా పాత మినిట్స్ తీసుకోవాలి. అధ్యక్షుడు "సవరణలున్నాయా?" అని అడుగుతారు. ఒకరు ప్రతిపాదిస్తారు. ఎవరూ కాదనకపోతే సవరణ అయినట్టే. కాదంటే ఆధారాలు చూసి ఓటు. ఓడిన ప్రతిపాదనను కూడా ఈ మీటింగు మినిట్స్‌లో రాయాలి: ఫలానా సభ్యులు ఈ మాటలు మార్చాలని ప్రతిపాదించారు, 3 అనుకూలం, 6 వ్యతిరేకం, వీగిపోయింది. అలా రాస్తే ఓడినవాళ్ల మాట కూడా పుస్తకంలో నిలబడుతుంది. చాలామందికి కావాల్సింది అదే. అది కూడా రాయనివ్వకపోతేనే పంతాలు పెరుగుతాయి.

పాత మీటింగుకు రానివాళ్లు ఈ ఓటులో పాల్గొనవచ్చా? బైలాస్ కాదనకపోతే పాల్గొనవచ్చన్నదే నా అభిప్రాయం. మినిట్స్ మొత్తం కమిటీవి, హాజరైనవాళ్ల సొంతం కాదు. పైగా ఎన్నికలైపోయి కమిటీ మొత్తం మారిపోయినప్పుడు పాత మీటింగులో ఉన్నవాళ్లు ఒక్కరూ ఉండరు. అప్పుడు ఎవరు ధ్రువీకరించాలి? రానివాళ్లు కాగితాలు చూసి, ఉన్నవాళ్ల మాట విని తేల్చుకుంటారు. అలాగే సంతకం సంగతి: ఆ మీటింగుకు అధ్యక్షత వహించినవారు లేకపోతే, ధ్రువీకరించిన మీటింగు అధ్యక్షులు సంతకం చేస్తే సరిపోతుంది.

పుస్తకం మీద దిద్దే తీరు చేతివేళ్లతో నేర్చుకోవాల్సిన పని. అధ్యక్షుడి సంతకం ఇంకా పడకపోతే: తప్పు మాట మీద ఒక్క గీత, కింద మాట చదవడానికి వీలుగా. పైన సరైన మాట. మార్జిన్‌లో అధ్యక్షుడి, సెక్రటరీ పొట్టి సంతకాలు, తేదీ. వైట్‌నర్ వద్దు, గిలికేసి నల్లగా పుయ్యొద్దు, చీటీ అతికించొద్దు, పేజీ చింపొద్దు. కంపెనీల నిబంధనలైతే మినిట్స్‌ను పుస్తకంలో అతికించడాన్నే ఒప్పుకోవు. కంప్యూటర్లో టైపు చేసుకునేవాళ్లు విడి కాగితాలకు వరుస నంబర్లు వేసి, ప్రతి పేజీ మీద పొట్టి సంతకం తీసుకుని, ఏడాదికోసారి బైండు చేయించండి. రాత ముగిశాక పేజీలో మిగిలిన ఖాళీని అడ్డగీతతో కొట్టేయండి. ఆ ఖాళీలోనే తర్వాత మాటలు మొలుస్తాయి.

సంతకం పడిన తర్వాత తప్పు బయటపడితే పాత పేజీ మీద ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. కొత్త మీటింగులో తీర్మానం రావాలి. ఇలా రాయండి: "గత నెల మినిట్స్ 42వ పేజీ, 3వ అంశంలో 'ఫ్లాట్ 204' అని పొరపాటున నమోదైనది. దానిని 'ఫ్లాట్ 304' అని చదువుకొనవలెనని తీర్మానించడమైనది." పాత పేజీ మార్జిన్‌లో "సవరణకు 47వ పేజీ చూడుము" అని మాత్రం రాసి తేదీ వెయ్యండి. పాతది, కొత్తది రెండూ కనబడాలి. కంపెనీల్లో మినిట్స్‌ను తారుమారు చేసినట్టు తేలితే 118వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయంటే ఇదెంత బరువైన విషయమో చూడండి.

ఇప్పుడు "ఏకగ్రీవంగా" గురించి. సెక్రటరీల చెయ్యి అలవాటుగా రాసేసే మాట ఇది. ఎవరూ గట్టిగా వద్దనకపోతే ఏకగ్రీవమని రాస్తారు. ఒకరు "నాకిది నచ్చలేదు" అని ఊరుకుని, ఓటు దగ్గర చెయ్యి ఎత్తకపోతే అది ఏకగ్రీవం కాదు, ఒకరు తటస్థం. ఆ ఒక్కరికి ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, రేపు ఆ ఖర్చు మీద విచారణ వస్తే తానూ ఒప్పుకున్నట్టు పుస్తకం చెప్తుంది. ఆయన సవరణ అడిగితే పంతం పట్టకుండా దిద్దండి. అసమ్మతి రాయించుకోదలచినవాళ్లు మాత్రం ఆ మీటింగులోనే, ఆ అంశం ముగియకముందే చెప్పాలి: "నా అసమ్మతి నమోదు చెయ్యండి, కారణం ఇది." అప్పుడు రెండు వాక్యాల్లో రాయడం సెక్రటరీ బాధ్యత. పదిహేను రోజుల తర్వాత తీరిగ్గా ఆలోచించుకున్న కారణాలను ఆ రోజు చెప్పినట్టు ఎక్కించమనడం సవరణ కాదు. వాటిని ఉత్తరంగా ఇవ్వండి, ఫైల్లో ఉంటుంది, అందినట్టు కొత్త మినిట్స్‌లో ఒక వాక్యం వస్తుంది.

ఎవరు ఎవరిని ఏమన్నారో రాయాల్సిన పని లేదు. తీర్మానం, దానికి కారణం, ఓట్లు, అడిగితే అసమ్మతి – ఇంతే. పరువు తీసే మాటలు, అంశానికి సంబంధం లేని మాటలు మినిట్స్‌లోకి రాకుండా ఆపే అధికారం కంపెనీల చట్టం అధ్యక్షుడికి ఇచ్చింది. మన సంఘాల్లోనూ అది మంచి నియమమే. కానీ ఆ పేరుతో అసమ్మతిని ఎత్తేయకూడదు. తిట్టును తీసెయ్యొచ్చు, ఓటును తీసెయ్యలేం.

మీటింగును రికార్డు చేసుకునే సంఘాలుంటే, రికార్డు ఎవరి దగ్గరుంటుంది, మినిట్స్ ధ్రువీకరించాక ఉంచాలా తీసెయ్యాలా అన్నది ముందే తీర్మానించుకోండి. తగాదా వచ్చాక తీర్మానిస్తే అది ఒక పక్షం తీర్మానమవుతుంది.

మినిట్స్ ఇంకా ధ్రువీకరించలేదు కాబట్టి పని ఆగాలి అనేవాళ్లున్నారు. ఆగక్కర్లేదు. తీర్మానం అమల్లోకొచ్చేది ఓటు పడినప్పుడు. ధ్రువీకరణ రాత సరిగ్గా ఉందని చెప్తుంది, అంతే. ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్నట్టు కాదు. అందుకే వ్యతిరేకంగా ఓటేసినవాళ్లు కూడా మినిట్స్ సరిగ్గా ఉంటే నిరభ్యంతరంగా ధ్రువీకరించవచ్చు. బ్యాంకుకు ఇచ్చిన తీర్మానం నకలులో మాత్రం జాగ్రత్త. ఖాతా నడిపేవాళ్ల పేరో, ఇంటిపేరో తప్పుగా పడి, దాన్ని తర్వాత దిద్దితే, దిద్దిన తీర్మానం నకలును ధ్రువీకరించి బ్యాంకుకు మళ్లీ ఇవ్వాలి. పుస్తకంలో ఒకటి, బ్యాంకు ఫైల్లో ఒకటి ఉండటం తర్వాత తలనొప్పి.

ఇంత చేసినా అధ్యక్షుడు సవరణను చర్చకే రానివ్వకపోతే? రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. వచ్చే మీటింగు ఎజెండాలో పెట్టమని బైలాస్ ప్రకారం కోరండి. సర్వసభ్య సమావేశంలో అడగండి. అప్పటికీ తేలకపోతే, 2001 చట్టం 23వ సెక్షన్ సంఘ వ్యవహారాల మీద వివాదాన్ని మధ్యవర్తిత్వ చట్టం కిందకు గానీ జిల్లా కోర్టుకు గానీ తీసుకెళ్లే దారి సభ్యుడికి ఇచ్చింది. ఒక పేరు, ఒక అంకె కోసం అంతదూరం పోవద్దని నా మనవి. డబ్బు, ఆస్తి, ఎన్నిక విషయాల్లో పోవాల్సి వస్తే మీ చేతిలో ఉండాల్సినవి ఆ అభ్యంతర పత్రాలు, అందినట్టు సంతకాలే.

చివరగా, కమిటీ మారేటప్పుడు పుస్తకం అప్పగింత. ఎంతమంది సెక్రటరీలు పుస్తకాన్ని సంచిలో పెట్టి ఇచ్చేస్తున్నారో చూస్తుంటే బాధేస్తుంది. ఒక కాగితం మీద రాయండి: పుస్తకంలో 1 నుంచి 200 వరకు పేజీలున్నవి, 143వ పేజీ వరకు రాసి ఉన్నది, 139వ పేజీ వరకు ధ్రువీకరించబడినది, ధ్రువీకరణ పెండింగ్‌లో ఉన్న మీటింగు ఒకటి, దాని మీద వచ్చిన సవరణ ప్రతిపాదనలు రెండు, జతపరచడమైనది. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, తేదీ. ఇద్దరికీ చెరో ప్రతి.