మానుకునే మనిషి కాలం, కాంట్రాక్టు కాలం

సభకు నమస్కారం.

తాగుడు గురించి, డ్రగ్స్ గురించి మాట్లాడమని తెలుగు సంఘం వాళ్ళు నన్ను పిలిచారు. డాక్టర్ని కాబట్టి మందుల గురించి, కాలేయం గురించి చెబుతానని మీరు అనుకొని ఉండవచ్చు. నేను మాట్లాడబోయేది టెండర్ల గురించి. ఇంగ్లండ్‌లో మద్యం మానాలనుకునే మనిషికి సాయం దొరుకుతుందా, దొరికితే అది ఎంతకాలం నిలుస్తుంది అన్న సంగతి చాలావరకు ఆసుపత్రిలో తేలదు. మన రోడ్ల గుంతలు పూడ్పించే కౌన్సిల్ ఆఫీసులో తేలుతుంది. చాలా ఏళ్ళుగా వ్యసన చికిత్సలో పనిచేస్తున్నాను. నా పేషెంట్ల బతుకులను మందు చీటీలు ఎంత మార్చాయో కాంట్రాక్టులూ అంతే మార్చాయి. ఈ మాట బాగా ఆలోచించే అంటున్నాను.

ఇక్కడ గుండెపోటు వస్తే వైద్యం ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ చూసుకుంటుంది. హెరాయిన్‌కో మద్యానికో బానిసైతే ఆ వైద్యం ఏర్పాటు చేయాల్సింది కౌన్సిల్. 2012 నాటి హెల్త్ అండ్ సోషల్ కేర్ చట్టంతో, 2013 ఏప్రిల్ నుంచి ప్రజారోగ్యం పని కౌంటీ కౌన్సిళ్ళకు, యూనిటరీ కౌన్సిళ్ళకు, లండన్ బరోలకు వచ్చింది. దానికోసం ప్రభుత్వం ఏటా పబ్లిక్ హెల్త్ గ్రాంట్ ఇస్తుంది. కౌన్సిల్ సొంతంగా క్లినిక్ నడపడం అరుదు. తన ప్రాంతంలో ఎంతమందికి ఏం అవసరమో అంచనా వేయిస్తుంది, ఎలాంటి సేవ కావాలో రాయిస్తుంది, టెండర్ పిలుస్తుంది, ఒకరికి కాంట్రాక్టు ఇస్తుంది. ఛేంజ్ గ్రో లివ్, టర్నింగ్ పాయింట్, వయా, విత్‌యూ లాంటి స్వచ్ఛంద సంస్థలు, కొన్నిచోట్ల ఎన్‌హెచ్ఎస్ ట్రస్టులు ఆ పని చేస్తాయి. మూడేళ్ళ కాంట్రాక్టు, బాగుంటే మరో రెండేళ్ళ పొడిగింపు. చాలాచోట్ల కనిపించే పద్ధతి ఇది.

కౌన్సిళ్ళకు అప్పగించడమే తప్పని నేను అనను. తాగుడు మానిన మనిషికి ఆ తర్వాత కావాల్సినవి ఇల్లు, ఉద్యోగం, పిల్లల్ని మళ్ళీ చూసుకునే అవకాశం. ఇళ్ళు, పిల్లల సంక్షేమం ఎలాగూ స్థానిక కౌన్సిళ్ళ చేతిలోనే ఉన్నాయి. అన్నీ ఒక గూటికి చేరితే మనిషికి మేలు. ఆలోచన మంచిదే. డబ్బు దగ్గర దెబ్బతింది. 2001లో పెట్టిన నేషనల్ ట్రీట్‌మెంట్ ఏజెన్సీ ఉన్న రోజుల్లో చికిత్స డబ్బు చికిత్సకే వెళ్ళేది. 2013లో ఆ ఏజెన్సీని పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్‌లో కలిపేశారు. 2015 తర్వాతి దశాబ్దంలో పబ్లిక్ హెల్త్ గ్రాంట్, ధరల పెరుగుదల తీసేసి తలసరిన లెక్కిస్తే, నాలుగో వంతుకు పైగా తగ్గింది. పైగా లైంగిక ఆరోగ్య సేవలు తప్పనిసరి అని నిబంధనల్లో రాశారు కానీ, వ్యసన చికిత్సకు ఆ స్థాయి రక్షణ ఇవ్వలేదు. కోత పెట్టాల్సి వచ్చిన కౌన్సిల్ ఎక్కడ పెడుతుంది? ఎవరూ వీధిలోకి వచ్చి అడగని చోట పెడుతుంది. మా ఆయనకు మెథడోన్ (హెరాయిన్‌కు బదులు డాక్టర్లు ఇచ్చే మందు) సేవ తగ్గించారని ప్లకార్డు పట్టుకునే ఇల్లాలు ఉండదు కదా.

డబ్బు తగ్గడం ఒక ఎత్తు. ఆ డబ్బుతో ఏం కొలిచారన్నది ఇంకో ఎత్తు. 2010లో వచ్చిన ప్రభుత్వ డ్రగ్ వ్యూహం కోలుకోవడాన్ని కేంద్రంగా పెట్టుకుంది. వినడానికి బాగుంది. ఆచరణలో కౌన్సిళ్ళ పనితీరుకు ముఖ్యమైన కొలత ఒకటయింది: చికిత్స పూర్తిచేసి వెళ్ళి, ఆరు నెలల లోపు తిరిగి రానివాళ్ళు ఎంతమంది? హెరాయిన్‌కు బదులు మెథడోన్ మీద ఏళ్ళ తరబడి నిలకడగా ఉండి, ఉద్యోగానికి వెళ్ళి, పిల్లల్ని బడికి పంపుతున్న మనిషి ఈ కొలతలో విజయం కాదు. మందు ఆపి బయటికి వెళ్తేనే లెక్కలోకి వస్తాడు. మెథడోన్, అలాంటిదే అయిన బ్యుప్రెనార్ఫిన్ ఆపిన తొలి వారాల్లో చనిపోయే ప్రమాదం బాగా పెరుగుతుందని మా రంగంలో అందరికీ తెలుసు. శరీరానికి పాత డోసు తట్టుకునే శక్తి పోయి ఉంటుంది, మనిషి మాత్రం పాత డోసే తీసుకుంటాడు. ఇంకో అడుగు ముందుకేసి, 2012 ఏప్రిల్ నుంచి 8 ప్రాంతాల్లో ఫలితాన్ని బట్టి చెల్లింపు అనే ప్రయోగం కూడా చేశారు. పరిశోధకులు లెక్క తీస్తే, మిగతా ప్రాంతాలతో పోల్చినప్పుడు అక్కడ చికిత్స పూర్తిచేసినవాళ్ళు తగ్గారు. ఈమధ్య కొలతను మార్చారు. చికిత్సలో ఉంటూనే గణనీయంగా మెరుగైనవాళ్ళను కూడా ఇప్పుడు లెక్కిస్తున్నారు. చాలా ఆలస్యంగా జరిగిన మంచి పని అది.

ఇక అసలు విషయం, నన్ను ఇక్కడికి రప్పించిన విషయం. మళ్ళీ మళ్ళీ టెండర్.

నేను చూసిన ఎందరినో కలిపి ఒక మనిషిని మీ ముందు పెడతాను. నలభై ఏళ్ళు, ఇరవై ఏళ్ళుగా హెరాయిన్. చిన్నప్పుడు ఇంట్లో జరిగినవి ఎవరికీ చెప్పలేదు. సేవలో చేరాక ఒక కీవర్కర్, అంటే అతని బాగోగులు చూసుకునే ఉద్యోగి, దొరికింది. మొదటి ఏడాది సగం అపాయింట్‌మెంట్లకు రాలేదు. రెండో ఏడాది రావడం మొదలుపెట్టాడు. మూడో ఏడాది ఒకరోజు నోరు విప్పాడు. సరిగ్గా అప్పుడు కౌన్సిల్ టెండర్ పిలుస్తుంది. కాంట్రాక్టు ఎవరికి వెళ్తుందో తెలియదు కాబట్టి మంచి ఉద్యోగులు అప్పటికే వేరే ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటారు. చట్టప్రకారం ఉద్యోగులు కొత్త సంస్థకు బదిలీ కావచ్చు. అయినా అనిశ్చితి భరించలేక ఎందరో అంతకుముందే వెళ్ళిపోతారు. మేనేజర్లు ఆరు నెలలపాటు బిడ్డు రాసుకుంటూ ఉంటారు. కొత్త సంస్థ గెలిస్తే బిల్డింగు మారుతుంది, ఫోన్ నంబరు మారుతుంది, కంప్యూటర్ వ్యవస్థ మారుతుంది. రికార్డులు బదిలీ చేయడానికి పేషెంటు మళ్ళీ సంతకం పెట్టాలి. ఫార్మసీలతో ఒప్పందాలు మళ్ళీ కుదుర్చుకోవాలి. చేతిలో మందు చీటీ అందని శుక్రవారం సాయంత్రం ఈ మనిషి ఎక్కడికి వెళ్తాడో మీకు చెప్పనక్కర్లేదు. అన్నీ సజావుగా జరిగినా, కొత్త కీవర్కర్ మొదటి రోజు అడిగే మొదటి ప్రశ్న ఏమిటంటే, మీ కథ మొదటి నుంచి చెప్పండి అని. ఆ కథ చెప్పడానికి అతనికి మూడేళ్ళు పట్టింది.

ఇదంతా చెడ్డవాళ్ళు చేసేది కాదు. కౌన్సిల్ అధికారులతో ఎన్నో సమావేశాల్లో కూర్చున్నాను. పోటీ పెట్టకపోతే చట్టం ఒప్పుకోదనే భయం, ఆడిటర్లు అడుగుతారనే భయం, ఈసారి ఇంకాస్త తక్కువకు దొరుకుతుందేమోననే ఆశ. ధర తక్కువ చేసి గెలిచిన సంస్థ చివరికి తగ్గించుకునేది మనుషులనే. ప్రభుత్వం కోరగా డ్రగ్స్ మీద స్వతంత్ర సమీక్ష చేసిన డేమ్ కరోల్ బ్లాక్ ఇదే చూశారు. 2020 ఫిబ్రవరిలో ఒక భాగం, 2021 జూలైలో రెండో భాగం వచ్చాయి. ఒక్కో కీవర్కర్ చేతిలో 50 నుంచి 80 మంది, కొన్నిచోట్ల 100 మంది వరకు ఉన్నారని, కొన్ని కౌన్సిళ్ళు చికిత్స ఖర్చు 40 శాతం దాకా తగ్గించాయని ఆ నివేదికలు చెప్పాయి. డాక్టర్లు, సైకాలజిస్టులు, నర్సులు ఈ రంగం వదిలి వెళ్ళిపోయారని కూడా చెప్పాయి. ఆమె అడిగింది మామూలు మొత్తం కాదు: అయిదో ఏడాదికల్లా చికిత్స కోసం ఏటా అదనంగా 55.2 కోట్ల పౌండ్లు. 2021 డిసెంబరులో ప్రభుత్వం పదేళ్ళ ప్రణాళిక తెచ్చి, చికిత్స కోసం మూడేళ్ళకు 78 కోట్ల పౌండ్లు అదనంగా ఇచ్చింది. ఆ డబ్బుతో కొత్త ఉద్యోగులు వచ్చారు. 2023-24లో ఇంగ్లండ్‌లో 3,10,000కు పైగా పెద్దవాళ్ళు చికిత్సలో ఉన్నారు, అంతకుముందు ఏడాది కంటే 7 శాతం ఎక్కువ. డబ్బు పెడితే మనుషులు వస్తారని రుజువైంది. అయినా అది విడిగా ఇచ్చే గ్రాంటు కావడంతో, వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియక నర్సును పర్మనెంటుగా తీసుకోలేని సేవలను చూశాను.

టెండర్ల విషయంలో ఇప్పుడు ఒక దారి తెరుచుకుంది. 2024 జనవరి 1 నుంచి ప్రొవైడర్ సెలక్షన్ రెజీమ్ అనే కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆరోగ్య సేవలు కొనే కౌన్సిళ్ళకూ అవి వర్తిస్తాయి, వ్యసన చికిత్స వాటిలో ఉంది. ఉన్న సంస్థ బాగా పనిచేస్తూ ఉంటే, కాంట్రాక్టు పెద్దగా మారకపోతే, కారణాలు రాసి, నోటీసు ప్రచురించి, పోటీ లేకుండా దానికే కొనసాగించవచ్చు. కాబట్టి చట్టం ఒప్పుకోదనే మాట ఇక చెల్లదు. బాగా నడుస్తున్న సేవను కదిలించే ముందు, కదిలిస్తే పేషెంట్లకు ఏం జరుగుతుందో కౌన్సిల్ రాసి చూపించాలని నా కోరిక. పని చేయని సంస్థను తప్పకుండా మార్చండి. అలాంటి సంస్థలూ ఉన్నాయి. వాటి దగ్గర మనుషులు నష్టపోవడం కళ్ళారా చూశాను. కానీ క్యాలెండర్ చెప్పిందని మార్చకండి.

కౌన్సిళ్ళు విడివిడిగా కొనడం వల్ల వచ్చిన ఇంకో కష్టం డీటాక్స్ పడకలు, అంటే డాక్టర్ల పర్యవేక్షణలో మద్యం, డ్రగ్స్ మాన్పించే ఆసుపత్రి పడకలు. రోజూ విపరీతంగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణం పోవచ్చు. తెలంగాణ వాళ్ళకు 2015 గుర్తుండే ఉంటుంది. కల్తీ కల్లు మీద దాడులు జరిగాక నిజామాబాద్ వైపు ఎందరో వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. కల్లులో కలిపిన ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులకు శరీరం అలవాటు పడి ఉండటమే దానికి కారణం. అలా ప్రమాదం ఎక్కువున్నవాళ్ళను ఆసుపత్రి పడక మీదే మాన్పించాలి. ఒక కౌన్సిల్‌కు ఏడాదికి కొన్ని పడకలే కావాలి. తలా కొంచెం తగ్గించుకుంటే వార్డు ఖాళీ అవుతుంది, ఖాళీ అయిన వార్డు మూతపడుతుంది. తర్వాత డబ్బున్న కౌన్సిల్‌కు కూడా పడక దొరకదు. చాలా యూనిట్లు అలాగే పోయాయి. 2021లో ప్రభుత్వం కోటి పౌండ్లు కేవలం దీనికే కేటాయించి, కౌన్సిళ్ళు కలిసి కొనేలా చేయాల్సి వచ్చింది.

మద్యం గురించి విడిగా ఒక మాట. డ్రగ్స్ వార్తల్లో ఉంటాయి కాబట్టి ప్రణాళికలు డ్రగ్స్ చుట్టూ తిరుగుతాయి. 2023లో ఇంగ్లండ్, వేల్స్‌లో మత్తుమందులు, ఇతర మందుల విషప్రభావంతో నమోదైన మరణాలు 5,448. అదే ఏడాది బ్రిటన్ మొత్తంలో కేవలం మద్యం వల్లే వచ్చే జబ్బులతో చనిపోయినవాళ్ళు 10,473 మంది. ఇంగ్లండ్‌లో మద్యానికి బానిసైనవాళ్ళలో అయిదుగురిలో నలుగురు చికిత్సలో లేరు. మన ఇళ్ళలో ఉన్నది ముఖ్యంగా ఈ సమస్యే.

మన ఇళ్ళ సంగతి చెబుతాను, నొచ్చుకోకండి. తెలుగు పేషెంట్లు నా దగ్గరకు అరుదుగా వస్తారు. వచ్చినవాళ్ళు బాగా ఆలస్యంగా, పసుపు పచ్చటి కళ్ళతో వస్తారు. వెనకాల భార్య, కొన్నిసార్లు ఇండియా నుంచి వచ్చిన అత్తగారు. వీసా పోతుందని, ఆఫీసులో తెలుస్తుందని, ఇండియాలో చెల్లెలి పెళ్ళి చెడుతుందని ఇన్నాళ్ళూ దాచారు. వాళ్ళకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. మీ కౌన్సిల్ ఏర్పాటు చేసిన సేవకు మీరే నేరుగా ఫోన్ చేయవచ్చు. జీపీ, అంటే మీ ఫ్యామిలీ డాక్టరు, ఉత్తరం అక్కర్లేదు. డబ్బు కట్టనక్కర్లేదు. మీ ఆఫీసుకు ఎవరూ చెప్పరు. పిల్లలకో ఇంకొకరికో నిజమైన ప్రమాదం ఉంటే మాత్రం మేం మౌనంగా ఉండలేం, అది మొదటే చెబుతాం. మద్యానికి బానిసైన మనిషి కారు నడుపుతుంటే డ్రైవింగ్ లైసెన్సులు చూసే డీవీఎల్ఏకి తెలియజేయాలి, ఆ నియమం కూడా దాచను. రోజూ తాగేవాళ్ళు ఈ మాటలు విని రేపటి నుంచి ఒక్కసారిగా ఆపేయకండి. ముందు మాట్లాడండి.

మనం దాచడం వల్ల జరిగే నష్టం ఇంకొకటి ఉంది. కౌన్సిల్ అవసరాల అంచనా వేసేటప్పుడు చికిత్సలో ఉన్నవాళ్ళ లెక్క చూస్తుంది. అందులో తెలుగువాళ్ళు ఉండరు. కాబట్టి తెలుగువాళ్ళకు సమస్య లేదని కాంట్రాక్టులో రాసుకుంటారు. తెలుగు మాట్లాడే వర్కరు, సాయంత్రం వేళలు, భార్యలకు విడిగా సాయం, ఏదీ ఆ కాగితంలోకి ఎక్కదు. వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో పంజాబీలో మాట్లాడే సేవలు ఉన్నాయి. మనం అడిగితేనే మనకూ అలాంటివి వస్తాయి.

మీ కౌన్సిల్ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో పబ్లిక్ హెల్త్ డైరెక్టరుకు ఈమెయిల్ రాస్తే చెబుతారు. కొత్త సేవ రూపొందించేటప్పుడు చాలా కౌన్సిళ్ళు ప్రజల అభిప్రాయం అడుగుతాయి. నేను చూసిన వాటిలో జవాబులు చాలా తక్కువ. ఈ గదిలో ఉన్నవాళ్ళంతా తలా ఒకటి రాస్తే చాలు, అధికారి తన నివేదికలో తెలుగు కుటుంబాల గురించి ఒక పేరా రాయక తప్పదు. స్థానిక ఆరోగ్య ప్రణాళికలు చర్చించే హెల్త్ అండ్ వెల్‌బీయింగ్ బోర్డు సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, వెళ్ళి కూర్చోండి. మీ కౌన్సిలర్ ఓటు అడగడానికి వచ్చినప్పుడు పార్కింగ్ గురించి అడిగినట్టే దీని గురించీ అడగండి. ఇప్పుడున్న సంస్థ ఎలా పనిచేస్తోంది, ఒక్కో కీవర్కర్‌కు ఎంతమంది పేషెంట్లు, మళ్ళీ టెండర్ పిలిచే ఉద్దేశం ఉంటే ఎందుకు? మానేసి బాగున్నవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారని నాకు తెలుసు. చాలా కౌన్సిళ్ళు టెండర్లు పరిశీలించే ప్యానెళ్ళలో అలాంటివాళ్ళకు చోటిస్తున్నాయి. మీకు ఇష్టమైతే, పేరు బయటికి రాకుండా ఎలా చేరాలో సభ అయ్యాక నన్ను విడిగా అడగండి. వెనకాల టీ బల్ల దగ్గర ఉంటాను.

ధన్యవాదాలు.