అరగదీసిన ముద్ర

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట కారు కింద, మన కంటికి ఆనని చోట ఉండే సామాను గురించి మాట్లాడుకుందాం. షాక్ అబ్జార్బర్లు, అదే మనం షాకర్లు అనేవి, చక్రాన్ని బండికి కలిపి పట్టుకునే లోయర్ ఆర్ములు, ఆ ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే కీళ్లలాంటి బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు, రబ్బరు బుష్‌లు. వీటన్నిటినీ కలిపి సస్పెన్షన్ అంటాం. ఇవి అరిగిపోయాయని మెకానిక్ చెప్పగానే ఈ రోజుల్లో మనందరం చేసే పని ఒకటే, ఫోన్ తీసి వెతకడం. అదే కంపెనీ పేరు, అదే బొమ్మ, ధర మాత్రం బాగా తక్కువ. ఇక టెన్షన్ మొదలు. కొంటే మోసపోతామేమో, కొనకపోతే అనవసరంగా ఎక్కువ పోస్తున్నామేమో!

ఫొటో చూసి ఒరిజినలో డూప్లికేటో తేల్చలేం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో మళ్లీ చెబుతాను. ఆ ఫొటో అమ్మేవాడు తీసిందే అని నమ్మకం ఏముంది? కంపెనీ క్యాటలాగులోంచి ఎత్తి పెట్టుకుంటే ఫొటోలో ఉన్నది ఎప్పుడూ ఒరిజినలే!

అలాగని ధర తగ్గించిన ప్రతివాడినీ అనుమానించక్కర్లేదు. పాత మోడల్ కార్ల పార్టులు గోడౌన్లలో మూలుగుతుంటాయి. అట్టపెట్టె నలిగిపోతుంది. దుకాణం ఎత్తేసేవాడు ఉన్న సరుకంతా తెగనమ్ముతాడు. ఇవన్నీ న్యాయమైన తగ్గింపులే. పైగా తెలివైన నకిలీగాడు మరీ కారుచౌకగా అమ్మడు. అసలు ధరకు కాస్త కిందుగా పెడతాడు, మనకది డిస్కౌంట్‌లా కనబడేంత. అంచేత ధర ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం.

ఇంకో చిక్కు కూడా విప్పుకోవాలి. కారు కంపెనీ డబ్బాలో రానిదంతా డూప్లికేట్ కాదు. షాకర్లు, ఆర్ములు చాలావరకు కారు కంపెనీలు సొంతంగా చేసుకోవు, వేరేవాళ్ల దగ్గర చేయించుకుంటాయి. జపాన్‌లో కేవైబీ, జర్మనీలో సాక్స్, బిల్‌స్టైన్, లెమ్‌ఫోర్డర్ లాంటివాళ్లు కార్ల ఫ్యాక్టరీలకూ ఇస్తారు, తమ పేరుతో బయట మార్కెట్‌కూ ఇస్తారు. ఇంకొందరు ఏ ఫ్యాక్టరీకీ ఇవ్వకుండా తమ పేరు మీదే చేసి అమ్ముతారు. వాళ్ల సరుకు బాగుండొచ్చు, నాసిగానూ ఉండొచ్చు. కానీ అది డూప్లికేట్ కాదు. ఒకరి పేరు పెట్టుకుని ఇంకొకరు చేసింది డూప్లికేట్.

ఈ విషయంలో నాకు భలే ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. నాకు తెలిసిన ఒకాయన తన జర్మన్ కారుకి లోయర్ ఆర్మ్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. డబ్బా మీద లెమ్‌ఫోర్డర్ అని ఉంది. విప్పి చూస్తే అల్యూమినియం ఆర్మ్ శుభ్రంగా, బరువుగా, కొత్తగా ఉంది. కానీ మధ్యలో ఒకచోట గ్రైండర్ పెట్టి అరగదీసిన మచ్చ. బొటనవేలంత మేర లోహాన్ని గీరేశారు. ఆయన గుండె జారిపోయింది. నాకు ఫోన్ చేసి, "చూశారా అండీ, ఎవరిదో పేరు చెరిపేసి మనకి అంటగట్టాడు! రేపే వెనక్కి పంపేస్తాను" అన్నారు.

"ఆగండి, తొందరపడకండి. ఆ మచ్చ ఉందంటే అది ఒరిజినలే కావచ్చు" అన్నాను. ఆయన నమ్మలేదు. ఎలా నమ్ముతారు? పేరు చెరిపేస్తే దొంగసరుకు అనే కదా ఎవరైనా అనుకునేది.

జరిగేది ఏమిటంటే, లెమ్‌ఫోర్డర్ అనేది జెడ్ఎఫ్ అనే జర్మన్ కారు విడిభాగాల గ్రూపులోని కంపెనీ. కారు ఫ్యాక్టరీకి వెళ్లే ఆర్మూ, బయట మార్కెట్‌కి వచ్చే ఆర్మూ ఒకే అచ్చులోంచి వస్తాయి. ఆ అచ్చులో కారు కంపెనీ ముద్ర కూడా ఉంటుంది. ఆ ముద్ర కారు కంపెనీ సొత్తు. దానితో పార్టును లెమ్‌ఫోర్డర్ డబ్బాలో పెట్టి అమ్మడానికి వీల్లేదు. అందుకని బయటికి పంపే వాటి మీద ఆ ముద్రను తయారీదారే అరగదీసి పంపుతాడు. తన గుర్తును, అంటే లెమ్‌ఫోర్డర్ వాళ్ల గుడ్లగూబ బొమ్మను, మాత్రం అలాగే ఉంచుతాడు. అంటే ఆయన భయపడిన ఆ మచ్చే, ఇది కారు ఫ్యాక్టరీకి వెళ్లే ఆర్మ్‌కి తోబుట్టువు అని చెబుతోంది!

ఇక్కడితో అయిపోతే బాగుండును. ఇదంతా విని ఆయన, "అయితే మచ్చ ఉంటే ఒరిజినల్ అన్నమాట" అన్నారు. అదీ కాదు. గ్రైండర్ అందరి దగ్గరా ఉంటుంది. కింద ఏ ముద్రా లేని ఆర్మ్ మీద కూడా ఉత్తుత్తి మచ్చ పెట్టొచ్చు. ఒక గుర్తు ఒరిజినల్‌కి రుజువని పదిమందికీ తెలిసిందంటే, నకిలీగాడికీ తెలిసినట్టే. చివరికి ఆయనకు నిద్ర పట్టించింది ఆ మచ్చ కాదు. తాను కొన్న దుకాణం పేరు, లెమ్‌ఫోర్డర్ కంపెనీ చూపించే డీలర్ల జాబితాలో ఉండటం. ఆర్మ్‌ని చూసి తేలని విషయం అమ్మినవాడి పేరు చూస్తే తేలింది.

షాకర్ల దగ్గర ఇదే కథ ఇంకో రకంగా నడుస్తుంది. స్ప్రింగు బరువు మోస్తుంది, షాకర్ ఊపును ఆపుతుంది. షాకర్ పని చేయకపోతే గుంత దాటాక కూడా కారు ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. లోపల రాడ్ చివర ఉన్న పిస్టన్ నూనెలో కదులుతుంది, నూనె సన్నని వాల్వుల గుండా దూరి వెళ్లాలి, ఆ ప్రయాసలో ఊపంతా వేడిగా మారిపోతుంది. నూనె నురుగు కట్టకుండా చాలా షాకర్లలో నైట్రోజన్ గ్యాస్ కూడా నింపుతారు. ఒకే గొట్టంతో, ఎక్కువ ఒత్తిడి గ్యాస్‌తో చేసే రకం బిల్‌స్టైన్ ద్వారా 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లలోకి వచ్చింది. ఇప్పుడు అది ఎంతో మంది చేస్తున్నారు.

చాలామంది ఇంట్లో చేసే పరీక్ష ఒకటుంది. రాడ్‌ని లోపలికి నొక్కి వదిలేయడం. పైకి వస్తే ఒరిజినల్, రాకపోతే డూప్లికేట్ అంటారు. తప్పండీ. గ్యాస్ ఉన్నది పైకి వస్తుంది. నూనె మాత్రమే ఉన్నది ఎక్కడ నొక్కితే అక్కడే ఉంటుంది, అది దాని స్వభావం. క్యాటలాగులో గ్యాస్ అని ఉండి, చేతిలో ఉన్నది కదలకుండా ఉంటే అప్పుడు అనుమానించాలి. ఇంకోటి, రెండు గొట్టాల రకం షాకర్‌ని చాలాకాలం పడుకోబెట్టి ఉంచితే గ్యాస్ లోపలి గొట్టంలోకి చేరుతుంది. మొదట నొక్కినప్పుడు కాస్త దూరం ఖాళీగా, పట్టు లేకుండా పోతుంది. కారులో ఎలా నిలబడుతుందో అలా నిటారుగా పట్టుకుని కొన్నిసార్లు పూర్తిగా లాగి నొక్కితే పట్టు వచ్చేస్తుంది. ఇది తెలియక మంచి షాకర్‌ని డూప్లికేట్ అని తిట్టేవాళ్లున్నారు.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆ మెరిసే రాడ్‌ని ప్లయర్‌తో పట్టుకోకండి. చిన్న గీత పడినా నూనె సీల్ చిరిగిపోతుంది. లోపల ఏముందో చూద్దామని కోయడం, రంధ్రం పెట్టడం అసలే వద్దు. ఒకే గొట్టం రకంలో గ్యాస్ ఒత్తిడి టైరులో గాలికి దాదాపు 10 రెట్లు ఉంటుంది.

రంగు గురించి అడుగుతారు. పసుపు రంగుంటే బిల్‌స్టైన్ అట కదా అని. రంగు అంత సులువుగా కాపీ కొట్టగలిగింది ఇంకోటి లేదు. లేబుల్ కూడా అంతే, హోలోగ్రామ్ కూడా అంతే. షాకర్‌లో డబ్బు పెట్టి చేసేది లోపలి వాల్వు, బయట రాడ్ మీది క్రోమ్ పూత, నూనె సీల్. వాటిలో మనకు కనిపించేది రాడ్ ఒక్కటే, అది కూడా కొత్తగా ఉన్నప్పుడు అన్నీ ఒకేలా మెరుస్తాయి. ఫొటో చూసి తేల్చలేం అన్నాను కదా, నిజానికి చేతిలో పట్టుకున్నా చాలాసార్లు తేల్చలేం.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి. పొదుపు చేయాలనుకుంటే బాల్ జాయింట్ దగ్గర మాత్రం చేయకండి. చెడ్డ షాకర్ మెల్లమెల్లగా చెడుతుంది, బండి ఊగుతుంది, టైరు నేలని సరిగా పట్టక బ్రేకు దూరం పెరుగుతుంది, ఎంతో కొంత హెచ్చరిక ఉంటుంది. బాల్ జాయింట్ ఊడిపోయిందంటే ఆ క్షణంలోనే చక్రం మడతపడిపోతుంది.

డబ్బా మీద క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేస్తే సరిపోదా అంటారు. ఆ కోడ్ మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తుందో కోడ్ ముద్రించినవాడి ఇష్టం. కంపెనీ వెబ్‌సైట్ మీరే టైప్ చేసి తెరిచి, కోడ్ అక్కడ వేయండి. ఒకే అసలు కోడ్‌ని వెయ్యి డబ్బాల మీద అచ్చు వేసే వీలు కూడా ఉంది. కాబట్టి "ఈ కోడ్ ఇంతకుముందే చూశారు" అని వస్తే ఆ డబ్బాని పక్కన పెట్టండి.

సరే, మరి ఏం చేయాలి? ఒక్క పని చెబుతాను. డబ్బు కట్టకముందే తయారీ కంపెనీకి ఒక మెయిల్ రాయండి. కంపెనీకి, అమ్మేవాడికి కాదు. అందులో మూడే మూడు విషయాలు. పార్ట్ నంబరు, అమ్మేవాడి పేరు, ఒక ప్రశ్న. "వీళ్ల బిల్లు మీద మీరు వారంటీ ఇస్తారా?" అంతే. ఒరిజినలేనా అని అడిగితే చూడకుండా చెప్పలేం అంటారు. వారంటీ ఇస్తారా అని అడిగితే ఇస్తామనో ఇవ్వమనో చెప్పక తప్పదు.

అమ్మేవాడి పేరు అంటే ఆ పెద్ద షాపింగ్ సైట్ పేరు కాదు. పేజీలో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో "అమ్మకందారు" అని ఉంటుందే, ఆ పేరు. ఒకే పేజీలో నలుగురు అమ్మకందార్లు ఉంటారు, రివ్యూలు అందరివీ కలిసిపోయి ఉంటాయి. నిన్న ఒకరి దగ్గర కొన్నవాడి మెచ్చుకోలు చూసి ఇవాళ మీరు ఇంకొకరి దగ్గర కొంటున్నారేమో చూసుకోండి.

పార్సిల్ వచ్చాక డబ్బా మీది నంబరు, పార్టు మీద చెక్కిన నంబరు, క్యాటలాగులో మీ కారుకి చూపించే నంబరు, మూడూ ఒకటేనా చూడండి. బిగించకముందే చూడండి, బిగించాక సాధారణంగా వెనక్కి తీసుకోరు. డూప్లికేట్ అని తేలితే దాన్ని తక్కువకి ఇంకొకరికి అమ్మేయకండి. వెనక్కి పంపి, ఫొటోలు కంపెనీకి పెట్టండి.

మెయిల్‌కి జవాబు రావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఈలోగా ఆఫర్ అయిపోతోందంటూ స్క్రీన్ మీద గడియారం సెకన్లు లెక్కపెడుతూ ఉంటుంది. పెట్టుకోనివ్వండి. సెలవు.