పిక్కబలం

(అనంతపురంలో ఉదయం నడిచే, పరిగెత్తే మిత్రుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇక్కడ పెద్దవాళ్లున్నారు, నాకంటే బాగా పరిగెత్తే తమ్ముళ్లున్నారు. అయినా నన్నే ఎందుకు మాట్లాడమన్నారో తెలుసు. పోయిన నవంబరులో మన పీటీసీ (పోలీస్ ట్రైనింగ్ కాలేజీ) గ్రౌండులో ఐదు కిలోమీటర్లు 29 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తాను. అంతకు మూడేళ్ల ముందు అదే దూరానికి నాకు 36 నిమిషాలు పట్టేది. ఇప్పుడు నా వయసు 44. వయసేమో పెరిగింది, టైమేమో తగ్గింది, ఎట్లా అక్కా అని అడుగుతున్నారు.

నేను లెక్కల టీచర్ని. కాబట్టి లెక్కతోనే మొదలుపెడతా. 400 మీటర్ల ట్రాక్ మీద ఐదు కిలోమీటర్లంటే పన్నెండున్నర రౌండ్లు. అప్పట్లో రౌండుకు 2 నిమిషాల 53 సెకన్లు, ఇప్పుడు 2 నిమిషాల 22. అంటే రౌండుకు అర నిమిషం మిగిలింది. ఈ అర నిమిషం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ రోజు చెప్పాలి.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. అందులో సగం దాకా పరుగు వల్ల రాలేదు, ఐరన్ మాత్రల వల్ల వచ్చింది. 41 ఏళ్లప్పుడు రెండు రౌండ్లకే ఆయాసం, మెట్లెక్కితే దడ. వయసు మీద పడిందని నేనే సర్దిచెప్పుకున్నా. రక్తపరీక్ష చేయిస్తే, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ 9.8. ఆడవాళ్లకు 12 ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్లలో సగం మంది ఆక్సిజన్ మోసే బండ్లు తక్కువ పెట్టుకునే పరిగెత్తుతున్నారేమో. నాలుగు నెలలు డాక్టర్ చెప్పినట్టు మాత్రలు వేసుకుని, భోజనం కాగానే టీ తాగే అలవాటు మానేస్తే (ఆ టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు) 36 కాస్తా 33 అయింది. శిక్షణ అనేదేమీ లేకుండానే. అందుకే షూస్ కొనే ముందు, వాచ్ కొనే ముందు, ఒక రక్తపరీక్ష. నలభై దాటిన అన్నలైతే బీపీ, షుగర్ కూడా చూపించుకుని, గుండె సంగతి డాక్టర్‌తో మాట్లాడాకే వేగం జోలికి రండి. ఛాతీలో బరువుగా ఉంటే అది గ్యాస్ అని మీరే తీర్పు చెప్పుకోవద్దు.

ఇక 33 దగ్గర నా బండి ఆగిపోయింది. ఏడాది పాటు కదల్లేదు. రోజూ ఐదింటికి రావడం, అవే రౌండ్లు, అదే వేగం. రొప్పుతూనే ఉంటాం గానీ పూర్తిగా కష్టపడం. మనలో చాలామంది పరుగు ఇదే. సుఖమూ కాదు, కష్టమూ కాదు, మధ్యలో ఎక్కడో. మరుసటి రోజు కాళ్లు బరువెక్కడానికి సరిపోతుంది, వేగం రావడానికి సరిపోదు.

అప్పుడు ఫోన్‌లో ఒక ప్లాన్ దింపుకుని, వారానికి రెండు రోజులు ఇంటర్వెల్స్ మొదలుపెట్టా. అంటే ఒక రౌండు గట్టిగా పరిగెత్తి, కాసేపు నడిచి, మళ్లీ ఒక రౌండు. మూడు వారాల్లో 32కి దిగా. ఆయాసం తగ్గింది, ఊపిరి నిండుగా ఆడుతోంది, పొద్దున లేస్తే ఎప్పుడెప్పుడు గ్రౌండుకు పోదామా అని ఉండేది. నాలుగో వారం, ఐదో రౌండు, మలుపు తిరిగానో లేదో ఎడమ పిక్క మీద ఎవరో రాయితో కొట్టినట్టయింది. అక్కడ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి తగిలిందనుకుని వెనక్కి తిరిగి వాళ్లను గట్టిగా తిట్టేశా. పాపం ఒక పిల్లాడు బంతిని చేత్తో ఎత్తి చూపించాడు, "మేడమ్, బాల్ ఇక్కడుంది" అని. అప్పుడర్థమైంది, కొట్టింది నా పిక్కే. కండ చిరిగింది. వెనక నుంచి ఎవరో కొట్టినట్టు అనిపించడమే ఈ దెబ్బకు గుర్తని తర్వాత తెలిసింది. నలభై దాటిన రన్నర్లకు ఇది మామూలుగా వచ్చే గాయమేనట.

మొదట చూసిన డాక్టర్ గారు స్కానింగ్ కాగితం వైపు కాదు, నా వైపు చూసి, "ఈ వయసులో పరుగులెందుకమ్మా, నడవచ్చు కదా" అన్నారు. నాకు మంటెత్తింది. నొప్పి తగ్గలేదు గానీ పట్టుదల మాత్రం ఆ రోజే మొదలైంది. ఈ మాట అనిపించుకున్న వాళ్లు మీలోనూ ఉంటారు. ప్రిసిల్లా వెల్ష్ అని ఒక బ్రిటిష్ ఆవిడ ఉంది. ముప్పై దాటి నాలుగైదేళ్లయ్యాక పరుగు మొదలుపెట్టింది, అంతకు ముందు సిగరెట్లు తాగేది. 1987లో న్యూయార్క్ మారథాన్ ఆడవాళ్ల విభాగంలో మొదటి స్థానం ఆవిడదే. అప్పుడు వయసు 42.

సరే, నాకెందుకు చిరిగింది? ఆ ఆరు వారాలు మంచం మీద కాలు పెట్టుకుని దీని గురించే చదివా. గుండె చాలా తొందరగా మాట వింటుంది. సాధన మొదలైన రెండు వారాల్లోపే ఒంట్లో రక్తం పరిమాణం పెరుగుతుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోస్తుంది. అందుకే మొదట్లో అంత హుషారు. కండ గట్టిపడటానికి నెలలు కావాలి. మడమ వెనక తాడులా చేతికి తగులుతుంది చూడండి, దాన్ని మనం నరం అంటాం గానీ అది నరం కాదు. పిక్కను మడమ ఎముకకు కట్టేసే పగ్గం. దానికి రక్తప్రసరణ తక్కువ, కాబట్టి కండ కంటే కూడా ఆలస్యంగా గట్టిపడుతుంది. ఇరవై ఏళ్ల పిల్లలకు ఈ తేడా పెద్దగా తెలియదు. మనకు గుండె "పద" అంటుంది, పిక్క "ఆగు" అంటుంది. నేను గుండె మాట విన్నా.

మన వాళ్లు పరిగెత్తి తప్పించుకున్న వాణ్ణి పిక్కబలం చూపించాడంటారు. గుండెబలం చూపించాడని ఎవరూ అనరు. ఎవరు పుట్టించారో గానీ ఎంత సరైన మాటో చూడండి. వేగం అంటే రెండు అంకెల గుణకారం, నిమిషానికి ఎన్ని అడుగులు, ఒక్కో అడుగు ఎంత పొడవు. వయసు పెరిగే కొద్దీ మొదటి అంకె దాదాపు అట్లాగే ఉంటుంది. తగ్గేది రెండోది. ఎందుకంటే నేలను వెనక్కి తన్నే బలం పిక్కది, మడమది. తొడల కంటే ముందు అదే సన్నగిల్లుతుంది. నా లెక్కే చెబుతా. అప్పుడూ ఇప్పుడూ నిమిషానికి 160 చిల్లర అడుగులే వేస్తున్నా. 36 నిమిషాల రోజుల్లో ఒక్కో అడుగు సుమారు 87 సెంటీమీటర్లు పడేది. ఇప్పుడు 104. అంటే జానెడుకు కొంచెం తక్కువ పెరిగింది. అయితే జాగ్రత్త, అడుగు పెరగాలని కాలు ముందుకు చాపి వేయకూడదు. అట్లా వేస్తే మడమ నేలకు బ్రేకులా తగులుతుంది, మోకాలు పోతుంది. పొడవు రావాల్సింది వెనక తన్ను నుంచి.

ఆ తన్ను ఎట్లా వస్తుంది? మెట్టు అంచున. ఇంట్లో మెట్టు ఉంటే చాలు, జిమ్ అక్కర్లేదు. దీని వెనక ఒక కథ ఉంది. స్వీడన్‌లో హాకన్ అల్ఫ్రెడ్‌సన్ అని ఎముకల డాక్టర్. ఆయన కూడా రన్నరే, మడమ పగ్గం నొప్పితో బాధపడ్డాడు. ఆపరేషన్ చేయమంటే ఈ మాత్రానికి ఆపరేషనా అని పైవాళ్లు ఒప్పుకోలేదట. అయితే పూర్తిగా తెంపుకుంటే అప్పుడైనా చేస్తారు కదా అని, నొప్పి ఉన్నా సరే మెట్టు మీద నిలబడి మడమను కిందికి దించుతూ బరువు మోపడం మొదలుపెట్టాడని చెబుతారు. తెగలేదు సరికదా, నయమైంది. 1998లో పదిహేను మంది రన్నర్ల మీద పన్నెండు వారాలు ఇదే చేయించి ఫలితాలు ప్రచురించాడు. అందరూ మళ్లీ పరుగులోకి వచ్చారు.

నాకు ఫిజియోథెరపీ చేసిన అమ్మాయి నేర్పింది దాదాపు ఇదే. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, ఒక్క కాలితో పైకి లేవాలి, మెల్లగా మడమ దించాలి. ఒకసారి మోకాలు చాచి, ఒకసారి కొంచెం వంచి. వంచితే లోపలి పిక్క కండ పని చేస్తుంది, పరుగులో ఎక్కువ బరువు మోసేది అదే. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటికాలి మీద 25 సార్లు లేవగలగాలని ఫిజియోథెరపీలో పాత లెక్క. నాకు కుడికాలితో 19, ఎడమకాలితో 11 వచ్చాయి. పదకొండు! ఆ పిక్కతో నేను ఇంటర్వెల్స్ చేశాను. చిరగకపోతే ఆశ్చర్యం. ఇప్పుడు వారానికి మూడు రోజులు, రాత్రి పళ్లు తోముకునేటప్పుడు చేస్తా. మా అత్తమ్మ మొదట్లో "ఏమే, అట్లా ఊగుతున్నావు" అనేది. ఇప్పుడు తలుపు పట్టుకుని ఆమె కూడా చేస్తుంది, రెండు కాళ్లతో.

పరుగు సంగతికొస్తే, వారానికి నాలుగు రోజులు. మూడు రోజులు నిదానంగా. నిదానం అంటే ఎంత? దానికి వాచ్ కంటే ఎక్కం నయం. పరిగెత్తుతూ పదమూడో ఎక్కం పైకి చెప్పుకోండి. "పదమూడు మూళ్లు ముప్ఫై తొమ్మిది" అని వరుసగా రెండు మూడు మాటలు ఒక్క ఊపిరిలో వస్తే నిదానమే. మధ్యలో గాలి పీల్చాల్సి వస్తే తగ్గించండి. (ఎక్కమే మర్చిపోయి ఆగిపోతే అది నా తప్పు కాదు, మీ టీచర్ది.) వాచ్‌లో గుండె వేగం చూసే వాళ్లకు ఒక మాట. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం అంటారే, అది సగటు లెక్క. ఒక్కొక్కరికి పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని పట్టుకుని టెన్షన్ పడకండి.

నాలుగో రోజు వేగం. కానీ మొదటి రెండు నెలలు రౌండ్లు వద్దు. నిదానంగా పరిగెత్తాక, ఈ వేపచెట్టు నుంచి ఆ కరెంటు స్తంభం దాకా, ఒక ఇరవై సెకన్లు, వేగంగా కానీ బిగుసుకోకుండా. పూర్తిగా ఊపిరి తీసుకుని మళ్లీ. ఆరుసార్లు చాలు. స్వీడన్‌లో 1930లలో గోస్టా హోల్మెర్ అనే కోచ్ ఇట్లాంటి వేగంతో ఆటనే ఒక పద్ధతి చేశాడు, ఫార్ట్‌లెక్ అని. మన పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆడే ఆట అది. పిక్క ఒక్కో కాలితో ఇరవై దాటాకే నేను మళ్లీ 400 మీటర్ల రౌండ్లకు వెళ్లా. ఆరు రౌండ్లు, మధ్యలో రెండు నిమిషాల నడక. అంతకు ముందు కచ్చితంగా పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కాలి.

మన ఊరి వాతావరణం గురించి చెప్పకపోతే ఎట్లా. విశాఖలో మా చెల్లెలి ఇంటికి వెళ్లి బీచ్ రోడ్డు మీద పరిగెత్తితే బట్టలు తడిసి కారిపోయాయి, పరుగు సాగలేదు. ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది, చెమట వెంటనే ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. పరుగుకు ఇది వరమే. చిక్కేమిటంటే చెమట పట్టినట్టే తెలియదు. ఇంటికెళ్లి చూస్తే చొక్కా మీద తెల్లగా ఉప్పు చారలు. ఒకసారి పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకున్నా. యాభై నిమిషాలకు 700 గ్రాములు తగ్గింది. అదంతా నీళ్లే, కొవ్వు కాదు, సంతోషపడకండి. ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి, మన ఇంట్లోనే ఉన్నాయి. మార్చి నుంచి మే దాకా టైమింగ్ గురించి ఆలోచించడం కూడా దండగ. ఆ ఎండల్లో నిదానంగా తిరిగితే చాలు. టైమ్ చూసుకునేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ నెలకోసారే. ప్రతి ఆదివారం ఐదు కిలోమీటర్లు ప్రాణం పెట్టి పరిగెత్తే అన్నలను చూస్తున్నా. శెనక్కాయ విత్తి, ఊడలు దిగాయా లేదా అని రోజుకో చెట్టు పీకి చూసే రైతును మన జిల్లాలో ఎక్కడైనా చూశారా?

తిండి గురించి ఒకే మాట. నలభై దాటాక కండ నిలవాలంటే మాంసకృత్తులు ఎక్కువ కావాలి. నా 58 కిలోలకు రోజుకు 70 గ్రాముల దాకా తింటే మంచిదన్నారు. రాసుకుని చూస్తే 40 కూడా లేవు, అంతా అన్నం, సంగటి. ఇప్పుడు రెండు గుడ్లు, గిన్నె నిండా పప్పు, పెరుగు, గుప్పెడు శెనక్కాయ గింజలు చేర్చా. ఆడవాళ్లకు నెలసరి ఆగే వయసు దగ్గరపడితే ఎముక కూడా పలచబడుతుంది, కాబట్టి బరువులెత్తే పని మానకండి.

గడియారం ఏడు కావస్తోంది, ఎండ ఎక్కకముందే ముగిస్తా. వీధికుక్కల గురించి చెప్పమని ఒక తమ్ముడు చీటీ పంపాడు. దానికి నా దగ్గర మందు లేదు, నేనూ ఆగి నడుస్తా. ఇప్పుడందరూ ఆ గ్యాలరీ మెట్ల దగ్గరికి రండి. గోడ పట్టుకోవచ్చు, మోసం చేయకూడదు. ఎవరికి ఎన్ని వస్తాయో నేను రాసుకుంటా. ముందు ఎడమ కాలు.