ట్యాంకు ఎత్తు కొలవకుండా షవర్ కొనకండి: విజయనగరంలో మా కొత్త ఇంటి ప్లంబింగ్ రివ్యూ

నమస్కారం. ఒక్క పది సెకన్లు నేను మాట్లాడకుండా ఉంటాను. చెవి పెట్టి వినండి.

ఏమీ వినిపించలేదు కదా? నా వెనక షవర్ పూర్తిగా తిప్పి ఉంది. ఎనిమిది అంగుళాల వెడల్పు, స్టీలు పలక, అట్టపెట్టె మీద జడివాన బొమ్మ. కింద చూడండి, నాలుగు మూలలా నాలుగు ధారలు. మధ్యలో నిలబడితే ఒళ్ళు తడవదు.

ఈ ఇంటికి శ్రావణంలో గృహప్రవేశం చేశాము. అప్పటికి గోడల్లో పైపులు ఉన్నాయి, వాటి మూతులకు ప్లాస్టిక్ బిరడాలు ఉన్నాయి, అంతే. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఆ రోజుకు మా ఇంట్లో పదిహేను మంది చుట్టాలు దిగుతారు. ప్లంబరు వేరే ఇంటి పనిలో పడి ఫోను ఎత్తడం మానేశాడు. సరే, నేనే చేస్తానన్నాను. మా అత్తగారు విని, "బాబూ, ముందు ట్యాంకు వాల్వు ఎక్కడుందో తెలుసా?" అని అడిగారు. తెలియదు. మేడెక్కి వెతికితే మూడు వాల్వులు కనిపించాయి, ఏది దేనిదో ఎవరూ రాసి పెట్టలేదు. ఒక్కొక్కటీ కట్టి, కింద ఏ కుళాయి ఆగిందో చూసి, రంగుతో గుర్తులు వేశాను. ఈ మొత్తం వీడియోలో పైసా ఖర్చు లేని పని ఇదే, అన్నిటికంటే ఎక్కువ అక్కరకు వచ్చినదీ ఇదే.

మొదట యాంగిల్ కాక్‌లు, అంటే గోడలోని పైపు మూతికి బిగించే చిన్న కుళాయిలు. బిరడా తీసి చూస్తే పైపు మర టైలు వెనక అర అంగుళం పైగా లోపలికి ఉంది. పైపు వేసినప్పుడు గోడతో సమానంగానే ఉండి ఉంటుంది. ఆ తరువాత ప్లాస్టరింగ్ వచ్చింది, టైలు వచ్చింది, మర లోపలికి పోయింది. కాక్ నేరుగా బిగిస్తే రెండు మరలే పట్టాయి. గంటస్తంభం వైపు వెళ్ళి దుకాణంలో ఫోనులోని ఫోటో చూపిస్తే, "ఎక్స్‌టెన్షన్ నిపుల్ కావాలండీ" అని పైపును పొడిగించే ఇత్తడి ముక్క చేతిలో పెట్టారు. అర అంగుళం పైపుకు రకరకాల పొడవుల్లో దొరుకుతుంది. వెళ్ళేముందు గోడలో లోతు పుల్లతో కొలుచుకోండి. నేను కొలవలేదు, రెండుసార్లు తిరిగాను.

మరల్లోంచి నీరు కారకుండా చుట్టే టెఫ్లాన్ టేపు గురించి ఒక్క మాట. మర మూతి మీ ముఖం వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు విడిపోయి దూది పోగులా బయటికి వస్తుంది. నావి మొదటి రెండూ అలాగే వచ్చాయి. ఇంకొక తప్పు చూడండి, కాక్ నుంచి కుళాయికి నీరు తీసుకెళ్ళే ఈ జడ పైపు. దీని నట్టులో రబ్బరు వాషర్ ఉంటుంది, నీటిని ఆపేది ఆ వాషరే. అక్కడ టేపు చుట్టే పని లేదు. నేను భక్తిగా చుట్టాను, కారుతోందని పైపు రెంచితో ఇంకాస్త బిగించాను, ప్లాస్టిక్ నట్టు చిట్లింది. కొత్తది తెచ్చి చేత్తో బిగించి, పానాతో పావు చుట్టు తిప్పాను. చుక్క లేదు. యాంగిల్ కాక్‌లు సొంతంగా బిగించుకోవడానికి పదికి ఎనిమిది.

ఇప్పుడు షవర్. తప్పు షవర్‌ది అనుకుని జాలీ విప్పి కడిగాను, మార్పు లేదు. ఆ తరువాత కొలత టేపు పట్టుకుని మేడెక్కాను. నీటి ఎత్తు పది మీటర్లు ఉంటే దాదాపు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మాది ఒక్క అంతస్తు ఇల్లు. ట్యాంకు అడుగు నేల నుంచి పదమూడున్నర అడుగుల ఎత్తున ఉంది, షవర్ ఏడు అడుగుల ఎత్తున. తేడా ఆరున్నర అడుగులు, అంటే రెండు మీటర్లు, అంటే 0.2 బార్. ట్యాంకు నిండుగా ఉంటే ఇంకొంచెం. ఇంత వెడల్పు పలకకు, అన్ని కన్నాలకు అది ఏ మూలకూ చాలదు. చిన్న ముఖం ఉన్న చేతి షవర్ తగిలించాను, అదే నీరు కాస్త జోరుగా వస్తోంది. మోటారు పెట్టుకోవచ్చు అంటారు. స్నానానికి కూడా కరెంటు కోసం ఎదురుచూడడం నాకు ఇష్టం లేదు. హుద్‌హుద్ తుపాను తరువాత, 2014లో, కరెంటు లేని రోజులు ఎలా గడిచాయో ఈ ఊరిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ఇల్లు కట్టేటప్పుడే ట్యాంకు కింద ఇటుక దిమ్మె ఇంకో మూడు అడుగులు లేపమని మేస్త్రిని అడిగి ఉండాల్సింది. పెద్ద షవర్‌కు రెండు మార్కులు, అవీ మెరుపుకు.

ఈ లెక్కే వాషింగ్ మెషీన్‌కూ పనికొచ్చింది. మాది ముందు తలుపు రకం. దాని పుస్తకంలో కనీసం 0.3 బార్ కావాలని ఉంది. నీరు లోపలికి వెళ్ళే చోటు మూడు అడుగుల ఎత్తు కాబట్టి మాకు 0.32 వస్తుంది, అంచు మీద ఉన్నామన్నమాట. ట్యాంకు అడుగంటితే మెషీన్ నీళ్ళు రావడం లేదని కూతపెట్టి ఆగిపోతుంది. అందుకే ఉదయం ట్యాంకు నింపాకే బట్టలు. వెనక నాలుగు రవాణా బోల్టులు ఉంటాయి, అవి విప్పకుండా నడిపితే మెషీన్ గదంతా తిరుగుతుంది. ఇది మాత్రం పుస్తకం చదివి తెలుసుకున్నాను, అనుభవంతో కాదు.

గీజర్‌లో సగమే నా పని. నీటి పైపులు నేను కలిపాను, కరెంటు ఎలక్ట్రీషియన్‌కు వదిలేశాను. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఫోను ఛార్జర్ పెట్టే ప్లగ్గు దానికి పనికిరాదు, 16 ఆంపియర్లది కావాలి, ఎర్త్ తప్పనిసరి. ఆయన మీటరు పెట్టి చూస్తే మా స్నానాల గది సాకెట్‌కు ఎర్త్ తీగే కలపలేదని తేలింది. నేను బిగించి ఉంటే అది నాకు తెలిసేది కాదు. స్విచ్ వేసే ముందు వేడినీటి కుళాయి తిప్పి, గాలి పోయి నీళ్ళు ధారగా వచ్చేదాకా ఆగండి. ఖాళీ ట్యాంకుతో వేస్తే కాయిల్ కాలిపోతుంది. వేడెక్కాక పక్కనున్న వాల్వు నుంచి చుక్కలు పడితే కంగారుపడి దాన్ని మూసేయకండి. లోపల పెరిగిన ఒత్తిడిని బయటికి వదలడమే దాని పని. మా బావగారు దానికి కారే చోట పూసే ఎంసీల్ ముద్ద పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

చివరిగా వంటింటి సింకు. కెమెరా కిందికి దించుతున్నాను. ఈ గిన్నె ఎందుకు పెట్టామో మీకు అర్థమయ్యే ఉంటుంది. కింద వాడిన నీరు బయటికి పోయే పైపుకున్న ప్లాస్టిక్ బుడ్డి విప్పి రెండుసార్లు బిగించాను, వాషర్ వంకరగా కూర్చుంటోంది. చుట్టాలు వచ్చేలోగా ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయి.